నాలుగేళ్ల బిడ్డకు నాలుగు గీతల పుస్తకమా?

సంపాదకుల వారికి,

బడులు తెరిచే రోజులు దగ్గర పడ్డాయి కాబట్టి ఈ ఉత్తరం రాస్తున్నాను. మా అనంతపురంలో ఇప్పుడు ఏ వీధికి పోయినా ఒక ప్లేస్కూల్ బోర్డు కనిపిస్తుంది. అడ్మిషన్‌కు వచ్చిన తల్లిదండ్రులకు కొన్ని చోట్ల పోయినేటి పిల్లల నోటుబుక్కులు తెరిచి చూపిస్తున్నారు. ఎల్‌కేజీలోనే ఎ నుంచి జెడ్ వరకు, అ నుంచి ఱ వరకు పేజీల కొద్దీ తీర్చిదిద్దిన అక్షరాలు. ఆ పుస్తకాలు చూసే బిడ్డను చేర్చేవాళ్లున్నారు. నా ఉద్యోగమంతా ఉరవకొండ, కూడేరు వైపు సర్కారు బళ్లలో ఒకటో తరగతి పిల్లలతోనే గడిచింది. నాలుగేళ్లు నిండని పిల్లల చేత పెన్సిల్ పట్టించి నాలుగు గీతల పుస్తకం నింపించడం ఆపండని అడగడానికే ఈ నాలుగు మాటలు.

మనిషి మణికట్టులో ఎనిమిది చిన్న ఎముకలుంటాయి. పుట్టినప్పుడు అవి ఇంకా ఎముకలు కావు, మెత్తటి మృదులాస్థి. ఏళ్లు గడిచే కొద్దీ ఒక్కొక్కటే గట్టిపడుతుంది. ఆఖరిది గట్టిపడేసరికి పిల్లలు ఎనిమిదేళ్లు దాటి ఉంటారు. చేతి మీద అదుపు కూడా భుజం దగ్గర మొదలై, మోచేయి, మణికట్టు దాటుకుని చివరికి వేలికొసలకు చేరుతుంది. మూడేళ్ల పిల్ల గోడ మీద బారెడు గీతలు సంతోషంగా గీస్తుంది. అదే పిల్లను రెండు గీతల మధ్య చిన్న అక్షరం ఇరికించమంటే ఏడుస్తుంది. అది మొండితనం కాదు, చెయ్యి ఇంకా అక్కడికి రాలేదంతే.

మామూలుగా మూడేళ్లకు గుండ్రం, నాలుగేళ్లకు కూడిక గుర్తు, ఐదేళ్లకు త్రికోణం చూసి గీయగలుగుతారు. ఏటవాలు గీత బాగా ఆలస్యంగా వస్తుంది. మనమేమో రెండు ఏటవాలు గీతలున్న ఇంగ్లీషు ఎ తోనే మొదలుపెడుతున్నాం. తెలుగులో చూస్తే అ, ఆ, ఇ, ఈ అన్నీ వంపుల మీద వంపులు. కాస్త ముందుకు పోగానే ఋ, ౠ! నోటితో చదివేటప్పుడు ఆ వరుసే ఉండనీయండి, పిల్లలు దాన్ని పాటలా పాడతారు. రాయడానికి మాత్రం వేరే వరుస కావాలి. నేను సున్నతో మొదలుపెట్టించేదాన్ని. సున్న మీద తలకట్టు పెడితే ర అయింది. దాని మధ్యలో చుక్క పెడితే ఠ. తర్వాత గ. వ రాయడం వచ్చిన చేతికి మ, ప ఎంతో దూరం కాదు. ఋ కోసం ఎవరూ కంగారు పడక్కర్లేదు.

ఈ మధ్య మా వీధిలో ఒకమ్మాయి తన కూతుర్ని తీసుకొచ్చింది. "ఎల్‌కేజీ అయిపోయింది మేడం, మా పాప ఇంకా సరిగ్గా రాయలేకపోతాంది. ట్యూషన్ పెట్టమంటారా?" అని ఒకటే టెన్షన్. పాప పెన్సిల్‌ను పిడికిట్లో పట్టుకుంది. నొక్కిన నొక్కుడుకు కాగితం చిరిగిపోయింది, రెండు వరుసలకే చెయ్యి విదిలించింది. "ట్యూషన్ వద్దమ్మా, నువ్వు వంట చేసేటప్పుడు పాపను పక్కన కూర్చోబెట్టుకో" అన్నాను.

శెనక్కాయల జిల్లా మనది. కాయ ముక్కును బొటనవేలు, చూపుడువేలు మధ్య పెట్టి నొక్కి ఒలవడం కంటే మంచి వేళ్ల పని ఏముంది? వానలకు ముందు విత్తనం కాయలు ఒలిచే ఇళ్లలో పెరిగిన పిల్లలు ఒకటో తరగతిలో బలపం పట్టే తీరే వేరుగా ఉండేది. (ఐదేళ్లలోపు పిల్లలు గింజలు నోట్లో వేసుకుంటే గొంతుకు అడ్డం పడే ప్రమాదం ఉంది. పక్కనే పెద్దవాళ్లు ఉండి తీరాలి.) ముగ్గు వేయడం కూడా అలాంటిదే. పిండిని మూడు వేళ్లతో పట్టి సన్నగా వదలాలి, పెన్సిల్‌కూ ఆ మూడు వేళ్లే కావాలి. చపాతి పిండి పిసకనీయండి, సంకటి ముద్ద తన చేత్తోనే తుంచుకుని తిననీయండి. ఫోన్ చూపిస్తూ మనం తినిపించిన ప్రతి పూటా ఆ వేళ్లకు పని లేకుండా పోతోంది. బలపమైనా చాక్‌పీసైనా అంగుళం ముక్కలే ఇవ్వండి. పొట్టి ముక్కను పిడికిట్లో పట్టడం కుదరదు, వేళ్లే ముందుకొస్తాయి.

ఇదేమీ కొత్తగా వచ్చిన పద్ధతి కాదు. 1823లో బళ్లారి కలెక్టరు ఎ.డి. క్యాంప్‌బెల్ తన జిల్లా బడుల గురించి మద్రాసు రెవెన్యూ బోర్డుకు నివేదిక పంపాడు. 1882లో విడిపోయేదాకా మన అనంతపురం కూడా ఆ జిల్లాలోదే. పిల్లవాడు బడిలో చేరగానే ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దుతాడని, అందులో చెయ్యి తిరిగాకే తాటాకు మీద గంటమో, కాగితం మీద రెల్లు కలమో పట్టనిస్తారని అందులో రాశాడు. మనం ఈనాటికీ అక్షరాభ్యాసం నాడు బియ్యంలో బిడ్డ వేలు పట్టి రాయిస్తాం. ఆ బియ్యపు పళ్లెం ఒక్కరోజుతో ఎందుకు పక్కన పెట్టేస్తున్నామో నాకు అర్థం కాదు.

రాయించడమే వద్దని నేను అనడం లేదు. చేత్తో రాయడం చదువుకు ఎంతో మేలు చేస్తుంది. 2012లో అమెరికాలోని ఇండియానా యూనివర్సిటీ పరిశోధకులు, ఇంకా చదవడం రాని ఐదేళ్ల పిల్లల చేత కొన్ని అక్షరాలు సొంతంగా రాయించారు, కొన్ని చుక్కల మీద దిద్దించారు, కొన్ని టైప్ చేయించారు. తర్వాత ఆ అక్షరాలు చూపించి మెదడును స్కాన్ చేస్తే, చదువుకు పనికొచ్చే భాగాలు సొంతంగా రాసిన అక్షరాలకే బాగా స్పందించాయి. వంకరగా వచ్చినా బిడ్డ తనంతట తాను గీసిన అక్షరం అంత విలువైనది. మనం చెయ్యి పట్టి నింపించిన పేజీకి ఆ విలువ రాదు. ఎడమచేత్తో గీస్తుంటే కూడా అలాగే వదిలేయండి, దయచేసి చెయ్యి మార్పించకండి.

2020 జాతీయ విద్యా విధానం మూడు నుంచి ఎనిమిదేళ్ల దాకా ఒకే పునాది దశ అని, ఆటల ద్వారా నేర్పాలని చెప్పింది. విద్యాశాఖ అధికారులు ప్రైవేటు బడులకు వెళ్లినప్పుడు ఎల్‌కేజీ పిల్లల హోంవర్క్ పుస్తకాలు కూడా అడిగి చూడాలి. అంగన్‌వాడీల్లో పిల్లల ఎత్తుకు అందేలా ఒక గోడకు నల్లరంగు వేయించి, ఒక ట్రేలో ఇసుక పెడితే పెద్ద ఖర్చేమీ కాదు. తల్లిదండ్రులు అడ్మిషన్‌కు పోయినప్పుడు నోటుబుక్కులు చూడటం మాని, పిల్లలు మట్టితో, కాగితాలతో, పూసలతో ఏం చేస్తున్నారో చూపించమని అడగాలి.

మీ పత్రికకూ ఒక మనవి. పాత పేపరు చించడం, ఉండలు చుట్టడం, అంటించడం పసివేళ్లకు చాలా మంచి పని. ఆదివారం పిల్లల పేజీలో అప్పుడప్పుడు ఒక పెద్ద సున్నో, చేపో, గాలిపటమో పేజీ నిండా వేయండి. ఉండలు చేసి దాని మీద అంటించుకుంటారు. మా వీధిలో పిల్లలను కూర్చోబెట్టి చేయించే పని నేను చూసుకుంటాను.

ఇట్లు,
ఒక విశ్రాంత ప్రాథమిక ఉపాధ్యాయిని,
అనంతపురం