నలభై ఒకటో కప్పు

మన కర్రీ పాయింటుకు వచ్చేవాళ్లందరికీ నమస్కారం.

ఒకటో తారీఖు నుంచి కొన్ని మారుతున్నాయి. పప్పు కప్పు 35 రూపాయల నుంచి 40 అవుతుంది. సాయంత్రం ఆరున్నరకి రెండో వాయి కూరలు దింపుతాం. సొరకాయ పెరుగుపచ్చడి ఇక ఉండదు. కప్పు కొలత అందరికీ ఒకటే ఉంటుంది, అంటే ఇన్నాళ్లూ ఒకటిగా లేదని నేనే ఒప్పుకుంటున్నట్టు. ఈ నాలుగు ముక్కలూ బోర్డు మీద రాసి ఊరుకోవచ్చు. కానీ ఒంటిగంటప్పుడు వెనక పదిమంది నిలబడి ఉంటే "ఎందుకమ్మా?" అన్న మాటకి జవాబు చెప్పే తీరిక నాకుండదు. అందుకే కూర్చుని రాస్తున్నాను.

హైదరాబాదు కేపీహెచ్‌బీ కాలనీలో మనం ఈ కొట్టు పెట్టి పన్నెండేళ్లు. ఇన్నేళ్లూ ఏ కూర ఎంత వండాలన్నది మా ఆయన నోటి లెక్క. తెల్లారకముందే రైతు బజారుకు బయల్దేరుతూ ఒకసారి మబ్బు చూసి, ఒకసారి వారం చూసి, "ఇవాళ వంకాయ ఎనిమిది కిలోలు" అనేవారు. చాలా రోజులు సరిగ్గా సరిపోయేది. సరిపోని రోజు ఎందుకు సరిపోలేదో మాత్రం మా ఇద్దరిలో ఎవరికీ తెలిసేది కాదు. రాత్రి గిన్నె అడుగున మిగిలిన కూర చూసి ఒకళ్లనొకళ్లు దెప్పుకుని పడుకునేవాళ్లం.

మీలో ఒక బాబాయిగారు, బ్యాంకులో చేసి రిటైరైన ఆయన, పోయిన ఏడాది ఒక మధ్యాహ్నం వచ్చి గుత్తి వంకాయ అడిగారు. అయిపోయిందండీ అన్నాను.

"ఎప్పుడొచ్చినా ఇదే మాట. కాస్త ఎక్కువ చేయొచ్చుగా అమ్మాయ్?"

"రోజూ నలభై కప్పులే పోతాయండీ బాబాయిగారూ. పుస్తకంలో రాసి ఉంది, కావాలంటే చూడండి."

ఆయన పుస్తకం చూడలేదు. "నలభై చేస్తే నలభయ్యే పోతాయి. నలభై ఒకటో కప్పు అడిగినవాణ్ణి నేను. నన్నెక్కడ రాశావు?" అని దొండకాయ వేపుడు కట్టించుకుని వెళ్లిపోయారు.

నాకు ఆ రోజంతా పని మీద ధ్యాస లేదు. పన్నెండేళ్లుగా మేం రాసింది అమ్మిన కప్పులు. అడిగిన కప్పులు ఎక్కడా లేవు. "అయిపోయింది" అని మేం చెప్పిన ప్రతిసారీ ఒక మనిషి మా పుస్తకంలోంచి జారిపోయాడు.

మర్నాడు గల్లాపెట్టె పక్కన మా అమ్మాయి చిన్నప్పటి పలక పెట్టాను. ఏ కూరైనా లేదని చెప్తే ఆ కూర పేరు కింద ఒక గీత. అది అయిపోయిన టైము కూడా పక్కనే. మా ఆయన నవ్వారు. "పన్నెండేళ్ల చెయ్యి కంటే నీ పలక ఎక్కువా?" అన్నారు. మూడు వారాల గీతలు లెక్కపెట్టి చూపించాక నవ్వలేదు. గుత్తి వంకాయ చాలా రోజులు పన్నెండున్నరకే అయిపోతోంది. అది అయిపోయాక, రోజుకి ఇరవై దాకా గీతలు పడుతున్నాయి. భోజనాల రద్దీ అసలు మొదలయ్యేదే పన్నెండున్నరకి!

ఆ ఊపులో నలభై కప్పులు అరవై చేసేశాం. ఇక్కడ బోల్తా పడ్డాం. వంకాయ అరవై పోయాయి, నిజమే. దొండకాయ వేపుడు మాత్రం రోజూ పన్నెండు, పదమూడు కప్పులు మిగలడం మొదలైంది. వంకాయ దొరక్క దొండకాయతో సరిపెట్టుకున్నవాళ్లే అంతమంది ఉన్నారన్నమాట. అమ్మిన పుస్తకంలో వాళ్లు దొండకాయ ఇష్టపడేవాళ్లలా కనిపించారు. పాపం, బాబాయిగారి పేరు కూడా అందులోనే కలిసిపోయి ఉంటుంది. రెండూ సర్దుబాటు కావడానికి నెల పట్టింది.

కోడిగుడ్డు పులుసు సంగతి ఇంకా సిగ్గుచేటు. కార్తీక మాసం వచ్చిందంటే నెలంతా గుడ్లు సగానికి తగ్గించేవాళ్లం. నెలాఖరుకి పుస్తకం చూస్తే అమ్మకం సరిగ్గా సగం. "చూశావా, కార్తీకంలో ఎవరూ ముట్టరు" అనుకుని మళ్లీ ఏడాదీ సగమే. చేసిందే అమ్మాం, అమ్మిందే నమ్మాం. పలక పెట్టాక తేలిందేమిటంటే, గుడ్డు అడగంది సోమవారాలు, ఏకాదశి, పౌర్ణమి రోజుల్లో. మిగతా రోజుల్లో హాస్టల్ పిల్లలు మామూలుగానే అడుగుతున్నారు, మేమే లేదని పంపేస్తున్నాం.

సాయంత్రం రెండో వాయి మాట చెప్తాను. మా అక్క కొడుకు ఎంబీఏ చేశాడు. కొట్టు క్యూఆర్ కోడ్‌కి వచ్చే డబ్బుల స్టేట్‌మెంటు దించి ఎక్సెల్‌లో వేశాడు. అందులో ప్రతి చెల్లింపుకీ టైము ఉంటుంది కదా. ఎనిమిదింటికి జనం తగ్గిపోతారని మేం షట్టరు సగం దించేసేవాళ్లం. వాడు చూపించింది వేరు. ఎనిమిదింటికి కూరలు మిగిలి ఉన్న రోజుల్లో తొమ్మిదింబావు దాకా డబ్బులు పడుతూనే ఉన్నాయి. జనం తగ్గడం కాదు, గిన్నెలు ఖాళీ కావడం. ఆఫీసు నుంచి మెట్రో దిగి వచ్చేసరికి మీకు సాంబారు, రసం తప్ప ఏమీ ఉండేది కాదని మీరు చెప్తూనే ఉన్నారు. మేం వినడానికి స్టేట్‌మెంటు కావాల్సి వచ్చింది.

ఇందులో మీకు చెప్పాల్సిన మాట ఒకటుంది. ఆ స్టేట్‌మెంటులో మీ పేర్లు కూడా ఉంటాయి. మొదటిరోజు వాడు "పిన్నీ, ఈయన నెలలో పంతొమ్మిది రోజులు వచ్చాడు చూడు" అన్నాడు. నేను చూశాను కూడా. మర్నాడు ఆయన కౌంటర్ దగ్గరికి వస్తే మొహం చూడటానికి ఇబ్బంది అనిపించింది, ఎవరింటి కిటికీలోకో తొంగి చూసినట్టు. ఆ రాత్రే పేర్లున్న కాలమ్ తీయించేశాను. ఇప్పుడు మేం చూసేది టైము, మొత్తం, అంతే.

ఇక రొయ్యల ఇగురు. "పెడితే సరిగా పెట్టండి, లేకపోతే మానేయండి" అని తిట్టినవాళ్లున్నారు. దాని వెనక లెక్క దాచకుండా చెప్తాను. మావాడు దీన్ని న్యూస్‌వెండర్ లెక్క అంటాడు. పేపర్లు అమ్మేవాడికి ఇవాళ్టి పేపరు రేపు చిత్తుకాగితం. తక్కువ తెస్తే బేరం పోతుంది, ఎక్కువ తెస్తే పేపరు మిగులుతుంది. మన కూర కూడా అంతే, రాత్రి దాటితే పనికిరాదు. పప్పు కప్పు 40 రూపాయలు, దినుసులు, గ్యాసు కలిపి మాకు పడేది 13. ఒక కప్పు తక్కువైతే మాకు పోయేది 27, మిగిలితే పోయేది 13. అందుకని పప్పు కొంచెం ఎక్కువే వండుకోవాలి. 27ని 40తో భాగిస్తే వచ్చేది మూడింట రెండొంతులు, అంటే మూడు రోజుల్లో రెండు రోజులు ఎవరికీ లేదనకుండా సరిపోయేంత. రొయ్యలు 150, మాకే 105 పడుతుంది. తక్కువైతే పోయేది 45, మిగిలితే పోయేది 105. అదే భాగహారం చేస్తే పది రోజుల్లో మూడు రోజులు అందరికీ సరిపోతాయి, ఏడు రోజులు అయిపోతాయి. అయిపోవడం మా మతిమరుపు కాదు, కావాలనే.

అయితే ఈ లెక్కలో ఒక లోటుంది. ఖాళీ కవరుతో వెనక్కి వెళ్లిన మనిషి రేపు పక్క వీధి కొట్టుకు వెళ్తే ఆ నష్టం ఈ భాగహారంలో ఎక్కడా రాదు. అందుకని పప్పు విషయంలో దాని మాట వినడం లేదు. పదికి తొమ్మిది రోజులు రాత్రి దాకా ఉండేలా వండుతున్నాం. రొయ్యలు మాత్రం బుధ, ఆదివారాల్లోనే, పొద్దున పదిలోపు ఫోన్ చేసి చెప్పినవాళ్లకి తీసి పెడతాం.

ఒక కప్పు మీద ఎంత పడుతుందో ఇంత వివరంగా మాకు ఇదివరకు తెలీదు. 2023 జూలైలో టమాటా మదనపల్లె మార్కెట్లోనే కిలో 200కి దగ్గరగా పోయింది, గుర్తుందా? అప్పుడు మేం ధర పెంచలేదు. మీరు మెచ్చుకున్నారు కూడా. నిజం చెప్పాలంటే అది మంచితనం కాదు, టమాటా పప్పు మీద కప్పుకి ఎంత పోతోందో మాకు తెలియలేదు. నెలాఖరుకి కిరాణా బాకీ కట్టలేకపోయినప్పుడు తెలిసింది. ఇప్పుడు పప్పు మీద పెంచిన ఐదు రూపాయల్లో సగానికి పైగా కందిపప్పుకీ, మిగతాది గ్యాసు బండకీ పోతుంది. మాకు మిగిలేది ఏమీ లేదని చెప్పను, అర్ధరూపాయి దాకా మిగులుతుంది.

కప్పు కొలత సంగతికి వద్దాం. "మీరు లేనప్పుడు మీ కుర్రాడు తక్కువ వేస్తున్నాడు" అని ముగ్గురు నలుగురు అన్నారు. నేను నమ్మలేదు, అదే గరిటె, అదే కప్పు కదా అని. ఒక శనివారం కాటా తెచ్చి, ఎవరికీ చెప్పకుండా నలభై కప్పులు తూచాను. నేను వేసినవి 235 గ్రాముల దగ్గర ఉన్నాయి. వాడు వేసినవి 190. వాడి దొంగబుద్ధేం కాదు. నేను గరిటె గిన్నె అడుగు దాకా దించి ముక్కలతో తీస్తాను, వాడు పైనుంచి నూనె, గుజ్జు తీసి కప్పు నిండినట్టు కనిపించగానే ఆపేస్తాడు. ఎవరూ నేర్పకపోతే ఎలా తెలుస్తుంది? మీ మాట నమ్మనందుకు మాత్రం క్షమించండి. ఇక నుంచి అందరికీ 225 గ్రాములు. కాటా కౌంటర్ మీదే ఉంటుంది, అనుమానం వస్తే తూయించుకోండి.

డెలివరీ యాపు మానేసిన విషయం కొందరు అడిగారు. కమీషన్, డబ్బా, ఆఫరు పోగా కప్పుకి మూడు రూపాయలు మిగులుతోంది, గొడవ వస్తే అదీ లేదు. దాని గురించి ఇంతకంటే చెప్పడానికి ఏమీ లేదు.

సొరకాయ పెరుగుపచ్చడి ఎందుకు తీసేశామంటే, తీసుకునేవాళ్లు లేరు, పలక మీద దాని పేరు కింద ఒక్క గీతా లేదు. అదే లెక్కన కంద బచ్చలి కూడా పోవాలి. మావాడి ఎక్సెల్ అయితే ముందు దాన్నే ఎర్ర రంగులో చూపించింది. స్టేట్‌మెంటులోని మొత్తాలను బట్టి వాడు వేసిన అంచనాలో, శుక్రవారం శుక్రవారం వండితే రెండు కప్పులే పోతున్నాయని. రెండేమిట్రా, నేను చేత్తో కట్టిచ్చినవే అంతకంటే ఎక్కువ అన్నాను. చూస్తే సంగతి ఇదీ: ఆవ పెట్టిన కంద బచ్చలి కొనేది గోదావరి వైపు నుంచి పిల్లల దగ్గరికి వచ్చి ఉంటున్న పెద్దవాళ్లు. వాళ్లు క్యూఆర్ కొట్టరు, చీరకొంగున ముడి వేసిన నోట్లు ఇస్తారు. నోట్లు స్టేట్‌మెంటులోకి రావు. చేతిరాత పుస్తకంలో చూస్తే తొమ్మిది కప్పులు. పైగా కంద బచ్చలితో పాటు ఇంటిల్లిపాదికీ పప్పు, చారు, రెండు వేపుళ్లు కట్టించుకుంటారు. మామూలు బిల్లు 110, వాళ్లది 200 దాటుతుంది. ఒక్కో శుక్రవారం "బచ్చలి లేదా అమ్మా?" అని అడిగి, లేదంటే ఏమీ కొనకుండా మెల్లగా మెట్లు దిగి వెళ్లిన మామ్మగారిని నేను చూశాను.

కంద బచ్చలి ఉంటుంది. శుక్రవారాలు, పదకొండింటి నుంచి.

రేపు ఏకాదశి. గుడ్లు సగమే వండుతున్నాం, వంకాయ డెబ్బై కప్పులు. అల్లం పచ్చిమిర్చి పెట్టి ఉల్లి, వెల్లుల్లి లేకుండా అరటికాయ కూర చేస్తున్నాం. లేదు అని మా నోట విన్నప్పుడు కాస్త ఆగి, పలక మీద గీత గీశామో లేదో చూసి వెళ్లండి. రద్దీలో మా కుర్రాడు మర్చిపోతున్నాడు.