ఆంధ్రా బ్యాంకు 1969లో జాతీయం కాలేదండీ

సంపాదకుల వారికి నమస్కారం.

నవంబరు 19న ఇందిరాగాంధీ జయంతికి మీ జిల్లా పేజీలో వేసిన అరపేజీ వ్యాసం చదివాను. ఆ పూటే రాయవలసింది. కోతల రోజులు, కూలీల కోసం ఊరూరా తిరగడంతోనే వారం గడిచింది. ఈలోగా కోపం చల్లారితే ఊరుకుందామనుకున్నాను. చల్లారలేదు.

1969 జులై 19న ఆమె ఆంధ్రా బ్యాంకు సహా 14 బ్యాంకులను జాతీయం చేశారని రాశారు. తేదీ సరే, పద్నాలుగూ సరే, అందులో ఆంధ్రా బ్యాంకు లేదు. భోగరాజు పట్టాభి సీతారామయ్య గారు 1923లో బందరులో పెట్టిన ఆ బ్యాంకు జాతీయమైంది 1980 ఏప్రిల్‌లో, రెండో విడత ఆరింటిలో ఒకటిగా. 2020లో యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది కదా, బోర్డే లేని బ్యాంకు గురించి ఏం రాసినా అడిగేవారు ఉండరనుకున్నారేమో. ఆ పద్నాలుగులో ఒకదాంట్లో జీవితమంతా లెడ్జర్లు రాసినవాణ్ణి, నేనున్నాను.

1977లో దేశమంతా ఆమెను తిరస్కరించిందట. మరి మేము ఏ దేశం వాళ్లం? ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 42 లోక్‌సభ స్థానాలుంటే 41 ఆమె పార్టీకే ఇచ్చాం. మా గోదావరి జిల్లాల్లో ఆమె పార్టీ ఆవూదూడ గుర్తు ఒక్కచోటా ఓడలేదు. ఆమె మాత్రం రాయ్‌బరేలీలో రాజ్‌నారాయణ్ చేతిలో ఓడిపోయారు. ఇక్కడ పోయిన ఆ ఒక్క సీటూ నంద్యాల. గెలిచింది నీలం సంజీవరెడ్డి గారు. 1969లో కాంగ్రెస్ రాష్ట్రపతి అభ్యర్థిగా ఆయన నిలబడితే, అంతరాత్మ చెప్పినట్టు ఓటేయండంటూ వి.వి. గిరి గారిని గెలిపించింది ఈవిడే. ఆయన 1977లో రాష్ట్రపతి అయ్యారు. 1980 జనవరిలో ఆయన ఎదుటే నిలబడి ఆవిడ మళ్లీ ప్రధానిగా ప్రమాణం చేయవలసి వచ్చింది. తెలుగు పత్రికకు ఇంతకంటే మంచి కథ దొరుకుతుందా? దీని మీద ఒక్క ముక్క లేదు. ఆమె కట్టిన చేనేత చీరల మీద మాత్రం రెండు పేరాలు.

ఎమర్జెన్సీ సంగతి. ‘దేశ సమైక్యత కోసం తీసుకున్న కొన్ని కఠిన నిర్ణయాలు’ అని ఒక్క వాక్యంలో దాటేశారు. 21 నెలలండీ! ఎవరు రాసినా ఇంత బాధ ఉండేది కాదు, ఒక పత్రిక రాసింది. 1975 జూన్ 25 రాత్రి ఢిల్లీలో పత్రికల ప్రెస్సులకు కరెంటు తీసేశారని మీ కార్యాలయంలో ఒక్కరికీ గుర్తు రాలేదా? కారణం చెప్పకుండా పట్టుకుపోయినవాళ్ల కోసం కోర్టుకు వెళ్లే హక్కు కూడా లేదని 1976 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టులో నలుగురు జడ్జీలు తేల్చారు. కాదన్నది హెచ్.ఆర్. ఖన్నా గారొక్కరే. ఆ మాట అన్నందుకు వరసలో ముందున్నా ఆయనకు ప్రధాన న్యాయమూర్తి పదవి దక్కలేదు. ఆ పేరు మా మనవడి పాఠ్యపుస్తకంలో కనబడదు, మీ వ్యాసంలోనూ లేదు.

నేను ఆవిడకు శత్రువును కాను. 1976లో మా శాఖకు కొబ్బరి పీచుతో తాడు పేనే ఒకామె వచ్చింది. నిరుపేదలకు నాలుగు శాతం వడ్డీకి అప్పులిచ్చే పథకం అప్పుడు నడుస్తోంది. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు. అరచేతులకు పీచు రంగు, వేలిముద్ర సరిగా పడక మూడుసార్లు వేయించాను. మూడు వందలు చెంగున ముడివేసుకుని, “ఇందిరమ్మకు చెప్పండి బాబూ, తీర్చేస్తానని” అంది. తీర్చింది కూడా, నెలనెలా, చిల్లరతో. ఆ ముఖం చూసినవాడికి గరీబీ హఠావో ఉత్త నినాదమని అనబుద్ధి కాదు. అదే శాఖలో కొన్నేళ్లకు రుణమేళా జరిగింది. షామియానా వేశారు, మైకులో పేర్లు పిలిచారు. జాబితా మాత్రం ఒక నాయకుడి అరుగు మీద తయారై వచ్చింది. తర్వాత వసూలుకు వెళితే సగం చిరునామాల్లో మనుషులే లేరు. ఈ రెండూ ఇందిరమ్మ పేరు మీదే జరిగాయి. రెండూ రాయండి అంటున్నాను.

బంగ్లాదేశ్ యుద్ధం గురించి మీ వ్యాసకర్త బాగానే రాశారు, ఒప్పుకుంటాను. మన సంగతులే వదిలేశారు. 1978కీ 83కీ మధ్య ఢిల్లీ నుంచి నలుగురు ముఖ్యమంత్రులను మార్చి మార్చి పంపిన సంగతి లేదు. 1984 ఆగస్టులో గవర్నరు రాంలాల్, ముఖ్యమంత్రి ఎన్.టి. రామారావు గారిని దించిన సంగతి, నెల తిరిగేసరికి మళ్లీ కుర్చీ ఎక్కించవలసి వచ్చిన సంగతి లేవు. ఆమెను తిట్టేవాళ్లూ తక్కువ తినలేదు. జూన్ వస్తే ఎమర్జెన్సీ చీకటి రోజని ఫ్లెక్సీలు కడతారు. వాటిలో ఆ పీచు తాళ్లామె ఉండదు.

ఇక మా పట్టణంలో కాలువ వంతెన దగ్గర జరిగిన జయంతి సభ. మీరు ఫొటో కూడా వేశారు. ఆ విగ్రహానికి చూపుడు వేలు విరిగితే సిమెంటుతో అతికారు, మిగతా వేళ్లకంటే అదే లావు. ఎన్నికల కోడ్ రాగానే గోనె కప్పుతారు, కోడ్ పోయాక విప్పడానికి నెల పడుతుంది. మొన్న మాత్రం తెల్లవారుజామునే ట్యాంకరు తెచ్చి కడిగారు. మా వీధి కుళాయికి అప్పటికి నాలుగు రోజులుగా చుక్క లేదు. అడిగితే మోటారు కాలిపోయిందన్నారు. ఆ మోటారు బాగుచేయవలసిన పురపాలక సిబ్బందే అక్కడ నిచ్చెనలెక్కి వేదికకు మేకులు కొడుతున్నారు. వేదికెక్కిన పెద్దమనిషి ఆమెను మహాత్ముడి కుమార్తె అన్నాడు. పక్కన కూర్చున్న అధికారి చప్పట్లు కొట్టారు. ఆమె నెహ్రూ గారి కూతురని, గాంధీ అన్నది ఫిరోజ్ గాంధీని చేసుకుంటే వచ్చిన పేరని కిందనున్న బడిపిల్లలకు తెలిసే ఉంటుంది, నవ్వుకున్నారు.

1975 జూన్ 12న అలహాబాద్ హైకోర్టు ఆమె ఎన్నికను ఎందుకు కొట్టేసిందో ఆ అధికారికి తెలుసా? ఆమె ఎన్నికల సభలకు ప్రభుత్వోద్యోగులు వేదికలు వేయించారన్నది అందులో ఒక కారణం. అది ఎన్నికల సభ, ఇది జయంతి సభ, తేడా నాకూ తెలుసు. మేకులు కొట్టిన చేతులు మాత్రం సర్కారువే.

ఆంధ్రా బ్యాంకు, 1977 ఫలితాలు, ఈ రెండింటికైనా సవరణ వేయండి. టెండరు ప్రకటనల కింద వేసినా వెతుక్కుని చదువుతాను. కుళాయి ఇంకా రావడం లేదు.

ఇట్లు,
ఒక విశ్రాంత బ్యాంకు ఉద్యోగి,
కోనసీమ