శేషాచలం ఎదుట మన అమ్మాయి పెళ్లి

తిరుపతి

ప్రియమైన మిత్రమా,

నీ ఉత్తరం అందింది. అమ్మాయికి అనంతపురం సంబంధం ఖాయమైందనీ, తాంబూలాలు కూడా పుచ్చుకున్నారనీ చదివి మా ఇంట్లో అందరమూ ఎంతో సంతోషించాము. పెళ్లి హైదరాబాదు ఫంక్షన్ హాల్లో కాకుండా కొండలూ అడవీ ఉన్న ఊళ్లో చేసుకోవాలని పిల్లలిద్దరూ పట్టుబట్టారనీ, ఊటీ, కొడైకెనాల్ అంటూ మీరు లెక్కలు వేసుకుంటుండగా చెల్లెమ్మ తిరుపతి మాట ఎత్తిందనీ రాశావు. నా ఓటు చెల్లెమ్మకే. ఈ ఊరివాణ్ణి కాబట్టి ఇలా అంటున్నానని అనుకోవద్దు. పిల్లలు కోరుకున్నవన్నీ ఇక్కడ ఉన్నాయి. అయితే వాటిని ఏ నెలలో, ఎంత దూరం నుంచి చూడాలన్నది ముందే తేల్చుకోవాలి.

తిరుపతి అంటే క్యూలైన్లు, లాడ్జీలు, బస్టాండు రద్దీ తప్ప ఏముందని అమ్మాయి అడిగిందట. ఆ పిల్లను తప్పు పట్టలేను. రాత్రి రైల్లో వచ్చి, కొండెక్కి, దర్శనం చేసుకుని, మళ్లీ రాత్రి రైలుకే వెళ్లిపోయేవాళ్లకు ఊరికి ఉత్తరాన గోడ కట్టినట్లు నిలబడిన ఆ ఎర్రరాతి కొండలను తీరిగ్గా చూసే సమయం ఎక్కడ దొరుకుతుంది? ఈ శేషాచలం కొండలను 2010లో కేంద్ర ప్రభుత్వం బయోస్ఫియర్ రిజర్వుగా ప్రకటించింది. ఇటు మన వైపు, అటు కడప వైపు కలిపి దాని విస్తీర్ణం 4,755 చదరపు కిలోమీటర్లకు పైమాటే. శ్రీ వేంకటేశ్వర జాతీయ ఉద్యానవనం 1989 నుంచీ ఈ కొండల్లోనే ఉంది. ప్రపంచం మొత్తంలో ఎర్రచందనం తనంతట తాను పెరిగే చోటు తూర్పు కనుమల దక్షిణ భాగంలోని మన కొండలూ, వాటి చుట్టుపక్కల కొండలే. చిరుతలు, ఏనుగులు, కణుతులనే పెద్ద దుప్పులు, రాత్రిపూట చెట్ల మీద మెల్లగా కదిలే దేవాంగపిల్లులు ఉన్న అడవి ఇంత పెద్ద ఊరిని ఆనుకుని ఉండడం చాలా అరుదు. ఇది అమ్మాయికి చదివి వినిపించు.

ఇక అసలు విషయానికి వస్తాను. పెళ్లి తలకోనలో, జలపాతం దగ్గరే చేయాలని అబ్బాయి స్నేహితులు సలహా ఇచ్చారని రాశావు. 270 అడుగుల ఎత్తు నుంచి దూకే ఆ నీటిని చూస్తే ఎవరికైనా అలాంటి కోరిక పుడుతుంది. అయినా ఆ ఆలోచన మానుకోమని మనస్ఫూర్తిగా చెబుతున్నాను. అది జాతీయ ఉద్యానవనంలో ఉన్న చోటు. మూడు వందల మంది జనం, జనరేటరు, మైకులు, వంటపొయ్యిలు, దీపాల తోరణాలు అక్కడికి చేరితే ఆ రెండు రోజులూ అక్కడి జంతువులు నీటి దగ్గరికి రాలేవు. బాణసంచా మాట అసలే వద్దు. 2014 మార్చిలో తిరుమల చుట్టూ అడవి అంటుకున్నప్పుడు వైమానిక దళం హెలికాప్టర్లతో నీళ్లు చల్లించవలసి వచ్చింది. ఎండుగడ్డి ఉన్న కాలంలో ఒక్క నిప్పురవ్వ చాలు. చిరుతల సంగతి కూడా నీకు తెలిసిందే. 2023లో అలిపిరి నడకదారిలో ఒక చిన్నారి ప్రాణం పోయిన తరువాత, పిల్లలను వెంటబెట్టుకుని మధ్యాహ్నం తరువాత మెట్లెక్కడంపై ఆంక్షలు పెట్టారు. పెళ్లివారి పిల్లలు పందిరి చుట్టూ పరుగులు తీస్తారు, చీకటి పడినా లోపలికి రారు. వాళ్లను అడవి మధ్యకు తీసుకువెళ్లే ధైర్యం నాకు లేదు. పెళ్లి కొండలకు ఎదురుగా చేద్దాం. తలకోనకు వెళ్లాలంటే పెళ్లయిన మూడో రోజు పొద్దున కొత్త దంపతులతో పాటు పదిమందిమి వెళ్లి, చూసి, పొద్దుండగానే వచ్చేద్దాం.

తిరుమల కొండ మీదే చేస్తే ఎలా ఉంటుందని చెల్లెమ్మ అడిగింది కదా. పాపవినాశనం దారిలో ఉన్న కల్యాణ వేదికలో దేవస్థానం వారు ఉచితంగా పెళ్లిళ్లు జరిపిస్తారు. పురోహితుడిని, మంగళవాద్యాన్ని, పసుపు, కుంకుమ, కంకణాలను వారే సమకూరుస్తారు. వధూవరుల తల్లిదండ్రులు తప్పనిసరిగా హాజరు కావాలి. ఖర్చు లేకుండా, స్వామి సన్నిధికి దగ్గరగా పెళ్లి జరగాలనుకునే చిన్న కుటుంబాలకు దానికి మించినది లేదు. మీ రెండు వైపుల బంధుబలగాన్ని, విడిదిని, భోజనాలను కొండ మీద అమర్చడం మాత్రం మన వల్ల కాదు. రోజూ దర్శనానికి వచ్చే భక్తులకే గదులు చాలని చోట మనం గదుల కోసం పోటీ పడడం న్యాయం కూడా కాదు.

అందుకే నా దృష్టి చంద్రగిరి దారి మీద పడింది. ఊరికి పడమరగా పన్నెండు కిలోమీటర్ల దూరంలో శ్రీనివాస మంగాపురం ఉంది. నారాయణవనంలో ఆకాశరాజు కూతురిని పెళ్లాడిన శ్రీనివాసుడు, కొత్త దంపతులు ఆరు నెలల పాటు కొండ ఎక్కకూడదన్న నియమం వల్ల, ఇక్కడి అగస్త్యాశ్రమంలో పద్మావతీదేవితో కాపురం ఉన్నాడని మన పెద్దలు చెబుతారు. అక్కడి కల్యాణ వేంకటేశ్వరస్వామికి కల్యాణోత్సవం చేయించి, ఆ కంకణం కట్టుకుంటే పెళ్లి కుదురుతుందని ఈ ప్రాంతంలో ఇంటింటా నమ్ముతారు. ఆ ఊరి చుట్టుపక్కల మామిడి తోపులు చాలా ఉన్నాయి. వాటిలో కొన్నింటి నుంచి చూస్తే శేషాచలం పొడవునా కళ్లముందే ఉంటుంది. అలాంటి ఒక తోపులో పందిరి వేయించి, భోజనాలకు, విడిదికి దగ్గరలోని కల్యాణ మండపాన్ని తీసుకుందామని నా ఆలోచన.

తోపును ఎంచుకోవడంలో మూడు జాగ్రత్తలు తీసుకోవాలి. అడవి అంచును ఆనుకున్న తోపు ఎంత అందంగా ఉన్నా వద్దు. చంద్రగిరి మండలంలో పొలాల మీదికి, తోటల మీదికి ఏనుగులు దిగుతున్నాయి కాబట్టి పెద్ద రోడ్డుకు ఊరి వైపున ఉన్న తోపునే చూడాలి. మామిడి పూతకు వచ్చే కాలంలో రైతులు మందు కొడతారు. పెళ్లికి ముందు వారాల్లో ఎప్పుడు కొడతారో తోపు యజమానితో మాట్లాడుకుని, మన కోసం ఆయన పంట దెబ్బతినకుండా రోజులు సర్దుకోవాలి. అన్నిటికన్నా ముఖ్యమైనది, చెట్లకు మేకులు కొట్టకూడదు, కొమ్మలకు సీరియల్ బల్బుల తీగలు బిగించకూడదు. పూత రాలితే ఆ ఏడాది కాపు పోయినట్లే. పందిరి వెదురు గుంజల మీదే నిలబడాలని, ఈ మాట కాగితం మీద రాసుకున్న తరువాతే బయానా ఇవ్వాలని పందిరివాళ్లతో గట్టిగా చెబుతాను.

నెల విషయంలో అమ్మాయికి కొంచెం నచ్చజెప్పవలసి ఉంటుంది. పచ్చదనం కావాలి కాబట్టి కార్తికంలో పెళ్లి చేసుకుంటానని అంటోందట. కార్తికంలో కొండలు నిజంగానే పచ్చగా ఉంటాయి, కపిలతీర్థం దగ్గర కొండ మీది నుంచి నీరు దూకుతూ ఉంటుంది. కానీ మనకు ఈశాన్య రుతుపవనాల వానలు పడేదీ అప్పుడే. 2021 నవంబరులో స్వర్ణముఖి పొంగి, ఊళ్లోని వీధులు ఏరులైన సంగతి టీవీలో నువ్వూ చూశావు. పైగా తిరుచానూరు అమ్మవారి బ్రహ్మోత్సవాలు, పంచమీతీర్థం ఆ నెలలోనే కాబట్టి గదులు దొరకవు. ఎండాకాలంలో మధ్యాహ్నం ఆరుబయట నిలబడడం పెద్దవాళ్లకు ప్రమాదం. అన్నీ చూస్తే మాఘమాసమే సరైనదని నాకు తోస్తున్నది. అప్పటికి అడవిలో ఆకు రాలడం మొదలవుతుంది కాబట్టి కార్తికంలో ఉన్నంత పచ్చదనం ఉండదు, ఈ మాట అమ్మాయికి ముందే చెప్పు. దానికి బదులుగా కొండల ఎర్రరాయి ఉదయపుటెండలో స్పష్టంగా కనిపిస్తుంది, తోపు నిండా మామిడిపూత వాసన ఉంటుంది, వాన భయం ఉండదు. మాఘంలోనూ రథసప్తమి రోజును, దాని ముందు వెనుకల రోజులను వదిలెయ్యాలి. ఆనాడు తిరుమలలో స్వామివారు ఒక్కరోజులోనే ఏడు వాహనాల మీద ఊరేగుతారు కాబట్టి ఊరు కిక్కిరిసిపోతుంది. మంగాపురం బ్రహ్మోత్సవాలు కూడా ఆ నెలలోనే రావచ్చు. మీ పురోహితుడు ఇచ్చే ముహూర్తాలన్నీ నాకు పంపితే ఈ తేదీలతో పోల్చి చూస్తాను. పగటి ముహూర్తం, అందులోనూ వారం మధ్యలో వచ్చేది దొరికితే గదులకు, దర్శనానికి రెండింటికీ మేలు.

ప్రయాణాల విషయంలో నాకు మీ వియ్యంకులవారి గురించే బెంగ. హైదరాబాదు నుంచి మీకు ఏ ఇబ్బందీ లేదు. రైళ్లు చాలానే ఉన్నాయి, 2023 ఏప్రిల్ నుంచి సికింద్రాబాదు వందే భారత్ కూడా నడుస్తున్నది, విమానంలో వచ్చేవాళ్లు రేణిగుంటలో దిగుతారు. అనంతపురం వాళ్లు మాత్రం బస్సులు మాట్లాడుకుని కదిరి, పీలేరు మీదుగా వస్తామంటారు. ఆ దారిలో భాకరాపేట కనుమ దాటాలి. 2022 మార్చిలో ధర్మవరం నుంచి నిశ్చితార్థానికి బయలుదేరిన బస్సు రాత్రిపూట ఆ కనుమలోనే లోయలో పడి, సంతోషంగా బయలుదేరిన కుటుంబం శోకంలో మునిగిపోయింది. ఆ వార్త ఈ ప్రాంతంలో ఎవరమూ మరిచిపోలేదు. కాబట్టి మగపెళ్లివారి బస్సులు తెల్లవారిన తరువాతే బయలుదేరి, చీకటి పడకముందే విడిదికి చేరాలని వియ్యంకులవారితో నువ్వు స్వయంగా మాట్లాడు. పెద్దవాళ్లను ధర్మవరం, పాకాల మీదుగా వచ్చే రైలు ఎక్కిస్తే ఇంకా నిశ్చింత.

భోజనాల బాధ్యత పూర్తిగా నాకు వదిలెయ్. ఏ ఊరి పెళ్లిలోనైనా దొరికే పన్నీరు కూరలు, నూడుల్సు ఇక్కడికి తెచ్చుకోవలసిన అవసరం ఏముంది? మాఘమంటే మనకు అనపకాయల కాలం. గింజలు నానబెట్టి, పొట్టు పితికి తీసి చేసే పితికిపప్పు కూర ముందు ఇంకే కూరా నిలవదు. పితకడానికి చేతులు చాలా కావాలి కాబట్టి ముందురోజు సాయంత్రం మా వీధి ఆడవాళ్లను, మగపిల్లలను కూడా పిలిచి కూర్చోబెడతాను. పెళ్లిపనిలో అది ఎంతో సరదాగా గడిచే సాయంత్రం అవుతుంది. దానితో పాటు రాగిసంగటి, వేరుశనగ చట్నీ, ఉలవచారు, పులిహోర, చిత్తూరు బెల్లంతో చేసిన ఓళిగలు, వాటి మీద నెయ్యి ఉంటే చాలు. అంతా అరిటాకులోనే వడ్డిద్దాం. ప్లాస్టిక్ కప్పులు, నీళ్ల ప్యాకెట్లు తోపులోకి రానివ్వను. స్టీలు గ్లాసులు అద్దెకు దొరుకుతాయి, కడిగేవాళ్లకు కూలి ఇద్దాం. తినగా మిగిలిన అన్నాన్ని కొండ వైపు పారబోయకుండా ఆ పూటే గోశాలకో, ఎరువు గుంటకో చేర్చాలి. వాసనకు పందులు, కుక్కలు చేరితే వాటి వెంట చిరుత వస్తుందని అడవి అంచున ఉండేవాళ్లందరికీ తెలుసు.

అలంకరణకు థర్మాకోల్ గోపురాలు వద్దు. శ్రీకాళహస్తి ఇక్కడికి దగ్గరే కాబట్టి, మండపం వెనుక కట్టడానికి శ్రీనివాస కల్యాణం చిత్రించిన కలంకారీ తెర ఒకటి చేయిద్దాం. బట్టను పాలు, కరక్కాయల మిశ్రమంలో నానబెట్టి ఆరబెట్టాలి, ఇనుప తుక్కు, బెల్లం ఊరబెట్టిన నల్లరంగుతో కలం పట్టి గీతలు గీయాలి, ఒక్కో రంగుకు ఒక్కోసారి ఉతకాలి. అంత పని వారాలు పడుతుంది కనుక కళాకారుడికి ఇప్పుడే చెప్పాలి. పెళ్లయ్యాక ఆ తెర అమ్మాయి ఇంట్లో గోడ మీద కలకాలం ఉంటుంది. పెళ్లిచీరల్లో ఒకటైనా వెంకటగిరిది ఉండేటట్లు చూడమని చెల్లెమ్మతో చెప్పు. ఆ ఊరు ఇప్పుడు మన తిరుపతి జిల్లాలోనే ఉంది.

సంగీతానికి నాదస్వరం, డోలు చాలు. దేవస్థానం వారి నాదస్వర పాఠశాల ఉన్న ఊళ్లో మంచి విద్వాంసులకు కొదువ లేదు. డీజే పెట్టాలని కుర్రవాళ్లు అడుగుతారు. ముందురోజు సాయంత్రం కల్యాణ మండపం లోపల, తలుపులు వేసుకుని పెట్టుకోనివ్వు. రాత్రి 10 గంటలకు మాత్రం ఆపెయ్యాలి. తోపులో మాత్రం ఆ పెద్ద స్పీకర్లు వద్దు, ఈ ఒక్క విషయంలో నా మాట నెగ్గనివ్వు. ఫొటోలవాళ్లు చంద్రగిరి కోటలో రాజమహల్ ముందు తీస్తామంటే సంతోషమే, అయితే అది పురావస్తు శాఖ రక్షణలో ఉంది కాబట్టి అనుమతి ముందుగా తీసుకోవాలి. తిరుమల మీద డ్రోన్ ఎగరవేయడం నిషిద్ధం. ఈ మాట వాళ్లకు ముందే స్పష్టంగా చెప్పాలి.

దర్శనానికి రావాలనుకునే బంధువుల ఆధార్ వివరాలు ముందే సేకరించి పెట్టుకో. 300 రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనం టికెట్లు నెలల ముందే ఆన్‌లైన్‌లో విడుదలవుతాయి, చూస్తుండగానే అయిపోతాయి. నడవగలిగిన కుర్రవాళ్లు మంగాపురం దగ్గరి శ్రీవారి మెట్టు నుంచి ఎక్కవచ్చు. అలిపిరి దారిలో 3,550 మెట్లయితే ఇక్కడ 2,388 మాత్రమే, పైగా దారి పొడవునా అడవే.

ఇప్పుడు నువ్వు చేయవలసినవి రెండు పనులు. ముహూర్తాల పట్టిక పంపడం, అతిథుల సంఖ్య మూడు వందలు దాటకుండా వియ్యంకులవారితో మాట్లాడడం. ఈలోపు నేను మంగాపురం వైపు రెండు మూడు తోపులు చూసి, యజమానులతో మాట్లాడి, ఫొటోలు పంపుతాను. వీలైతే అమ్మాయినీ అల్లుణ్ణీ ఒక శనాదివారాలు ఇక్కడికి పంపు. మా ఇంట్లోనే దిగమను, తోపును వాళ్లే స్వయంగా ఎంచుకోవాలి. చెల్లెమ్మకు మా నమస్కారాలు, పిల్లలకు ఆశీస్సులు.

నీ మిత్రుడు