చౌక తిండి అసలు ఖరీదు: వ్యవసాయ, ఆహార శాఖ మంత్రిగారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రిగారికి,

నమస్కారాలు. భారీ పరిశ్రమగా మారిన ఆహారోత్పత్తి మనకు చౌకగా తిండి పెడుతోందన్న మాటను మరొకసారి పరిశీలించవలసిందిగా కోరుతున్నాను. ఆహార వ్యవస్థల్లో ధరల్లోకి ఎక్కని ఖర్చు 2020లో ప్రపంచమంతటా కనీసం 10 లక్షల కోట్ల డాలర్లని ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ 2023 నివేదికలో అంచనా వేసింది. అందులో 70 శాతానికి పైగా ఆరోగ్యానికి చేటుచేసే తిండి వల్ల వచ్చే జబ్బులదే.

వేల కోళ్లను కిక్కిరిసి పెంచే షెడ్డులోకి ఒక్కసారి అడుగుపెట్టి చూడండి: అమ్మోనియా ఘాటుకు కళ్లు మండుతాయి, ఆరు వారాల్లోనే కోతకు వచ్చేంత వేగంగా పెరిగిన పక్షి తన బరువు తానే మోయలేక రెట్టలతో తడిసిన పొట్టు మీద కూలబడి ఉంటుంది. జబ్బు రాకముందే మేతలో కలిపే యాంటీబయాటిక్‌లకు మొండికేసిన సూక్ష్మజీవులు రేపు ఆసుపత్రిలో ఒక రోగికి మందు పనిచేయకుండా చేస్తే, ఆ బిల్లు కోళ్ల కంపెనీకి వెళ్లదు. పొలాల్లో వేసే ఎరువుల్లో పైరు అందుకోలేని నత్రజని నైట్రేటుగా భూగర్భజలాల్లో చేరితే, శుద్ధి ఖర్చు నీరు తాగేవారి మీదే పడుతుంది. ఇందులో రైతును తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. గిట్టుబాటు కాని ధరకు అమ్ముకుంటూ ముందుగా నష్టపోతున్నది అతడే.

కాబట్టి రాయితీలు ప్రకటించే ముందు ఈ ఖర్చులన్నీ లెక్కగట్టి ప్రజల ముందు పెట్టాలనీ, ఆరోగ్యంగా ఉన్న మందలకు యాంటీబయాటిక్‌లు మేపడాన్ని, ఐరోపా సమాఖ్య 2022 జనవరి నుంచి చేసినట్టుగా, కట్టడి చేయాలనీ అభ్యర్థిస్తున్నాను.

ఇట్లు,
ఒక పౌరురాలు