చవక ఫోన్ల రివ్యూలు కొనేవాళ్ల వైపు నుంచి రాయండి

ఎడిటర్ గారికి నమస్కారం అండి.

నాది సత్తెనపల్లిలో మొబైల్ రిపేర్ షాపు. మీ పేపర్లో వచ్చే టెక్నాలజీ పేజీ నేను వదలకుండా చదువుతాను, నేనే కాదు నా షాపుకొచ్చేవాళ్లు కూడా చదువుతారు, "పదివేల లోపు బెస్ట్ ఫోన్లు" అని మీరు ఐటెం వేస్తే దాన్ని ఫోటో తీసుకొచ్చి అన్నా ఇందులో ఏది తీసుకోమంటావు అని అడుగుతారు. అంటే మీరు రాసింది చూసి డబ్బులు పెట్టేవాళ్లు ఉన్నారన్నమాట. అందుకే ఈ ఉత్తరం రాస్తున్నాను. మీ ఐటెంలో ప్రతి ఫోనుకీ ఇంత ర్యామ్, ఇన్ని మెగాపిక్సెల్స్, ఇంత బ్యాటరీ అని రాస్తున్నారు, అవన్నీ డబ్బా మీద కంపెనీవాళ్లు అచ్చేసినవే కదండీ. కొనేవాడికి కావాల్సింది అది కాదు, ఈ ఫోను రెండేళ్ల తర్వాత నా చేతిలో ఎలా ఉంటుంది అనేది. దాని గురించి ఒక్క ముక్క ఉండట్లేదు.

ఈ ఫోన్లు ఎవరు కొంటున్నారో ముందు చెప్తాను. మిర్చి అమ్మిన డబ్బులొచ్చాక పిల్లకి కాలేజీకని కొనేవాళ్లు, ఆటో నడిపేవాళ్లు, ఉపాధి హామీ పనుల దగ్గర ఎండలో నిలబడి యాప్‌లో కూలీల హాజరు ఫోటోలు ఎక్కించే మేట్లు, కొడుకు హైదరాబాద్‌లోనో దుబాయ్‌లోనో ఉంటే వీడియో కాల్ కోసం కొనుక్కునే పెద్దవాళ్లు. ఇంట్లో ఇంకో ఫోను ఉండదు, అదే బ్యాంకు, అదే కెమెరా, అదే టీవీ. యాభైవేల ఫోను కొనేవాడికి నచ్చకపోతే ఏడాదికి మారుస్తాడు, ఎనిమిది వేల ఫోను కొన్నవాడు నాలుగేళ్లు దాంతోనే నెట్టుకురావాలి. నిజానికి రివ్యూ జాగ్రత్తగా రాయాల్సింది ఈ చవక ఫోనుకే.

ముందుగా ర్యామ్ సంగతి, అంటే తెరిచిన యాప్‌లు నడవడానికి ఫోను వాడుకునే మెమరీ. డబ్బా మీద పెద్ద అక్షరాలతో 8 జీబీ ర్యామ్ అని ఉంటది, పక్కన చిన్న చుక్క గుర్తు పెట్టి కింద చీమ తలకాయంత అక్షరాల్లో 4 జీబీ ప్లస్ 4 జీబీ వర్చువల్ అని రాస్తారు. ఆ రెండో నాలుగు అసలు ర్యామే కాదండి, ఫోను స్టోరేజీలో కొంచెం ముక్క తీసి ర్యామ్ లాగా వాడటం. స్టోరేజీ ర్యామ్ కంటే చాలా స్లో, పైగా ఈ చవక ఫోన్లలో ఎక్కువ వాటిల్లో వేసే స్టోరేజీ చిప్పు ఈఎంఎంసీ రకం, అందులో 5.1 అనేది 2015 నాటి స్టాండర్డ్, అది ఒక టైంలో చదవడమో రాయడమో ఏదో ఒకటే చేయగలదు. యూఎఫ్‌ఎస్ రకం అయితే రెండూ ఒకేసారి చేస్తుంది. ఈ తేడా వల్ల కూడా కొన్న కొత్తలో బాగానే ఉన్న ఫోను ఏడాదిన్నరకి, వాట్సాప్ ఫోటోలూ వీడియోలూ నిండాక, కాల్ వస్తే రింగ్ మోగుతుంది గానీ స్క్రీన్ మీద పేరు రావడానికి టైం పడుతుంది, ఎత్తేలోపు కట్ అయిపోద్ది. అలాంటి ఫోన్లు నా టేబుల్ మీదకి వస్తూనే ఉంటాయి, ఫార్మాట్ కొట్టిస్తే నాలుగు నెలలు బాగుంటది, మళ్లీ అంతే. మీ రివ్యూలో ఈఎంఎంసీనా యూఎఫ్‌ఎస్సా అనేది ఎప్పుడైనా రాశారా అండి? నాకైతే గుర్తు లేదు. 64 జీబీ అని రాస్తారు గానీ కొత్త ఫోను తీయగానే అందులో సిస్టమ్‌కే ఎంత పోయింది, చేతికి మిగిలేది ఎంత అనేది కూడా రాయరు.

కెమెరా గురించి చెప్తే చాలామంది నమ్మరు, అందుకే నేను షాపులో విప్పి చూపిస్తుంటాను. వెనక మూతకి మూడు గుండ్రటి అద్దాలు ఉంటాయి, చూసేవాళ్లు మూడు కెమెరాలు అనుకుంటారు, మూత ఊడదీసి కింద చూస్తే ఒకదాని కింద అసలు కెమెరా మాడ్యూల్, రెండోదాని కింద బఠాణీ గింజంత 2 మెగాపిక్సెల్ ముక్క, మూడోదాని కింద ఫ్లాష్ లైటో లేకపోతే ఏమీ లేని ప్లాస్టిక్కో. 50 మెగాపిక్సెల్ అనేది అబద్ధం కాదు, సెన్సార్ మీద అన్ని చుక్కలు ఉంటాయి, కానీ మామూలుగా ఫోటో కొట్టినప్పుడు నాలుగు చుక్కల్ని ఒకటిగా కలిపి పన్నెండున్నర మెగాపిక్సెల్ ఫోటోనే ఇస్తుంది. అది తప్పేమీ కాదు, పెద్ద ఫోన్లలో కూడా అలాగే చేస్తారు. చూడాల్సింది రాత్రిపూట ఇంట్లో ట్యూబ్‌లైట్ వెలుతురులో పిల్లాడు కదులుతుంటే ఫోటో ఎలా వస్తుంది, పాస్‌బుక్ పేజీ ఫోటో తీస్తే అంకెలు కనపడుతున్నాయా లేదా, క్యూఆర్ కోడ్ టక్కున పట్టుకుంటుందా లేదా అనేవి. ఇవి మీరు పరీక్షించి రాయడానికి పెద్ద ల్యాబ్ అక్కర్లేదు.

స్క్రీన్ దగ్గర మాత్రం నాకు మీ రివ్యూలతో అసలు పడదు. అమోలెడ్ ఉంటే గొప్ప, ఎల్‌సీడీ అంటే తక్కువ అన్నట్టు రాస్తారు. బొమ్మ అందంగా ఉండేది అమోలెడ్‌లోనే, కాదనను. కానీ పగిలాక? ఎల్‌సీడీ కాంబో, అంటే స్క్రీనూ పైన టచ్ అద్దమూ కలిపి వచ్చే సెట్టు, నేను వెయ్యి, పదిహేను వందల్లో వేసిస్తాను, అమోలెడ్ ఒరిజినల్ కాంబో అయితే ఫోను ధరలో మూడో వంతు, ఒక్కోసారి సగం దాకా పోతుంది. బండి మీద తిరిగేవాళ్లకి, పొలం పనికి పోయేవాళ్లకి స్క్రీన్ పగలడం అనేది ఇవాళో రేపో ఖాయం, వాళ్లకి ఎల్‌సీడీ అనేది లోపం కాదు, సుఖమే. వాళ్లకి చూడాల్సింది వెలుతురు, మే నెల ఎండలో స్క్రీన్ కనపడుతుందా లేదా. చవక ఎల్‌సీడీలు చాలావాటిల్లో వెలుతురు 400, 500 నిట్స్ (వెలుతురు కొలత) దాటదు, చెయ్యి అడ్డం పెట్టుకుని చూడాల్సిందే. ఆ ఎండలో హాజరు ఫోటో తీసే మేట్‌కి ఫోటోలో మనుషులంతా పడ్డారో లేదో కూడా తెలియదు.

ఇంకోటి, 720 పిక్సెల్ స్క్రీన్లు, అంటే అడ్డంగా 720 చుక్కలే ఉండేవి. ఆరున్నర అంగుళాల పైన స్క్రీన్ పెట్టి 720 రెజల్యూషన్ ఇస్తున్నారు, ఇంగ్లిష్ అక్షరాలకి పెద్ద ఇబ్బంది లేదు గానీ మన అక్షరాలకి కింద ఒత్తులు పైన గుడులు ఉంటాయి కదా, చిన్న సైజులో అవి అలుక్కుపోయినట్టు ఉంటాయి, మీ ఈ-పేపర్ చదవాలన్నా జూమ్ చేసి అటూ ఇటూ జరుపుకోవాలి. 2017 జనవరిలో రెడ్‌మీ నోట్ 4 వచ్చింది, 9,999కే మొదలైంది, 1080 స్క్రీన్, స్నాప్‌డ్రాగన్ 625 ప్రాసెసర్, 4100 ఎంఏహెచ్ బ్యాటరీ, మెటల్ బాడీ. ఇప్పుడు అదే పదివేలకి వచ్చేవాటిల్లో చాలావాటికి 720 స్క్రీనే. దీనికి కారణాలు ఉన్నాయి, డాలర్ రేటు పెరిగింది, 2020 ఏప్రిల్ నుంచి ఫోన్ల మీద జీఎస్టీ 12 నుంచి 18 శాతం చేశారు, 5జీ మోడెమ్‌కి ఖర్చు ఉంది, ఒప్పుకుంటాను. కానీ పదివేలకి అప్పట్లో ఏం వచ్చేది ఇప్పుడు ఏం వస్తుంది అని పక్కపక్కన పెట్టి చూపిస్తే కదా చదివేవాడికి తెలిసేది.

ప్రాసెసర్ పేర్లు కూడా అంతే. డైమెన్సిటీ 700 అనేది 2020 చివర్లో వచ్చిన చిప్పు, దానికే తర్వాత 6020 అని పేరు మార్చి కొత్త ఫోన్లలో పెట్టారు, 810కి 6080 అని పేరు. హీలియో జీ85 అనేది 2020 నాటిది, 2023 డిసెంబర్‌లో రిలీజైన రెడ్‌మీ 13సీలో కూడా అదే ఉంది. పాత చిప్పు అయినంత మాత్రాన పనికిరాదని కాదు, వాట్సాప్, యూట్యూబ్, ఫోన్‌పే వాడుకునేవాళ్లకి సరిపోతుంది. కానీ కొత్త ప్రాసెసర్ అని మీ పేపర్లో అచ్చేస్తే కొనేవాడు మోసపోతాడు.

5జీ దగ్గర మాత్రం నిజంగా నష్టపోయినవాళ్లు ఉన్నారండి. 5జీ మన దేశంలో 2022 అక్టోబర్ 1న మొదలైంది, జియో వాళ్లది ఎస్‌ఏ పద్ధతి, అంటే 4జీ మీద ఆధారపడకుండా 5జీ సొంతంగా నడిచేది, ఎయిర్‌టెల్ వాళ్లు ఎన్‌ఎస్‌ఏ పద్ధతిలో మొదలుపెట్టారు, అంటే 4జీ నెట్‌వర్క్ మీద ఆనించి నడిపేది. 2024 నవంబర్‌లో 8,499కి వచ్చిన రెడ్‌మీ ఏ4 5జీలో స్నాప్‌డ్రాగన్ 4ఎస్ జెన్ 2 చిప్పు ఉంది, అది ఎస్‌ఏ మాత్రమే పట్టుకుంటుంది, అందుకని ఎయిర్‌టెల్ సిమ్ వేసుకుంటే ఎన్‌ఎస్‌ఏ ఉన్న చోట 4జీ మాత్రమే వస్తుంది. ఈ ముక్క హెడ్డింగ్ కిందే పెద్దగా రాయాలి కదా, 5జీ అని చూసి కొనేవాడి జేబులో ఉన్న సిమ్ ఏదో వాడికి తెలుసు, ఆ ఫోను ఏ సిమ్‌కి పనికొస్తుందో మీరు చెప్పాలి.

ఇక అప్‌డేట్లు. నా ఉద్దేశంలో చవక ఫోన్ల అసలు బలహీనత ఇదే, దీన్ని ఎవ్వరూ పట్టించుకోరు. ఫోను కొన్న రోజు నుంచి లెక్కేస్తారు జనం, కంపెనీ మాత్రం ఆ మోడల్ రిలీజ్ చేసిన రోజు నుంచి లెక్కేస్తుంది. రెండేళ్ల సెక్యూరిటీ అప్‌డేట్లు అని చెప్పిన మోడల్‌ని అది వచ్చిన ఏడాదికి ఆఫర్లో కొంటే మీకు మిగిలింది ఒక్క ఏడాదే. ఆ తర్వాత కూడా ఫోను పనిచేస్తుంది, కానీ అందులో ఫోన్‌పే ఉంది, బ్యాంకు యాప్ ఉంది, మనిషి దాచుకున్న డబ్బంతా ఉంది. అప్‌డేట్లు లేని ఫోనులో బయటపడిన లోపాలు అలాగే ఉండిపోతాయి, కొన్నాళ్లకి యాప్‌లు కూడా పాత ఆండ్రాయిడ్‌ని వదిలేస్తాయి, వాట్సాప్ 2025 జనవరి నుంచి ఆండ్రాయిడ్ 4.4కి ఆపేసింది. తక్కువ రేటులో ఎక్కువ ఏళ్లు ఇవ్వలేం అనే మాట కూడా పూర్తిగా నిజం కాదు, 2024లో ఇరవై వేల లోపు వచ్చిన శాంసంగ్ ఏ16 5జీకి ఆరేళ్లు ఇస్తామన్నారు. యూరప్‌లో అయితే 2025 జూన్ 20 నుంచి రూలే పెట్టారు, మోడల్ అమ్మకం ఆపేశాక ఇంకో ఐదేళ్లు అప్‌డేట్లు ఇవ్వాలి, స్పేర్ పార్టులు ఏడేళ్లు దొరకాలి, బ్యాటరీ 800 సార్లు చార్జ్ చేశాక కూడా 80 శాతం నిలబడాలి అని. మన దగ్గర కూడా కేంద్ర వినియోగదారుల శాఖ రిపేరబిలిటీ ఇండెక్స్ (వస్తువు ఎంత తేలిగ్గా బాగుచేయొచ్చో చెప్పే మార్కులు) మీద కమిటీ వేసింది, 2025లో రిపోర్టు కూడా ఇచ్చారు. దాని మీద మీ పేపర్లో ఒక పూర్తి పేజీ రావాలని నా కోరిక, రిపేర్ చేసేవాళ్లని నాలుగు మాటలు అడగండి, ఏ పార్టు దొరుకుతుందో ఏది దొరకదో మాకంటే ఎవరికి తెలుసు.

బాగున్నవి కూడా చెప్పాలి, లేకపోతే న్యాయం కాదు. బ్యాటరీ విషయంలో చవక ఫోన్లు నిజంగా మెచ్చుకోదగ్గవి, 5000 ఎంఏహెచ్ బ్యాటరీ, తక్కువ రెజల్యూషన్ స్క్రీన్ రెండూ కలిసి మామూలు వాడకానికి రెండు రోజులు లాగుతాయి, కరెంటు పోయే ఊళ్లలో ఇది చిన్న విషయం కాదు. కాకపోతే డబ్బాలో ఇచ్చే చార్జర్ చూడాలి, ఫోను 18 వాట్లు తీసుకుంటుందని రాసి లోపల 10 వాట్ల చార్జర్ పెడతారు, దాంతో నిండటానికి మూడు గంటలు. మెమరీ కార్డు స్లాటు, హెడ్‌ఫోన్ పిన్ను ఖరీదు ఫోన్లలో తీసేశారు, వీటిల్లో ఇంకా ఉన్నాయి. ఎఫ్ఎం రేడియో చాలావాటిల్లో వస్తుంది. పక్కన పవర్ బటన్ మీదే వేలిముద్ర పెట్టడం అనేది చాలా గట్టి ఏర్పాటు, అది పాడై నా దగ్గరికి వచ్చే ఫోన్లు తక్కువ. తెలుగు చదవడం టైప్ చేయడం ఒకప్పుడు డబ్బాలు డబ్బాలుగా కనపడేది, ఇప్పుడు ఐదారు వేల ఫోనులో కూడా మాట్లాడితే తెలుగులో టైప్ అవుద్ది, చదువు రాని పెద్దవాళ్లు వాయిస్‌తో యూట్యూబ్‌లో వెతుక్కుంటున్నారు. 2015లో మన శ్రీసిటీలో తయారైన రెడ్‌మీ 2 ప్రైమ్‌ని విశాఖలో రిలీజ్ చేశారు, 6,999 రేటు, అప్పుడు దాన్ని గొప్పగా చూశాం, ఇవాళ అంతకన్నా కాస్త ఎక్కువ పెడితే దానికి రెండింతలకి పైగా బ్యాటరీ, ఎన్నో రెట్లు స్టోరేజీ వస్తున్నాయి. ఇది ముందుకు పోవడమే.

కాబట్టి నేను అడిగేది ఏంటంటే, ఒక చవక ఫోను గురించి రాసేటప్పుడు మీ రిపోర్టర్ దాన్ని ఏసీ రూములో కాకుండా ఏదో ఒక మండలానికి పట్టుకెళ్లి రెండు కంపెనీల సిమ్‌లు వేసి వారం వాడాలి. స్టోరేజీ ముప్పావు వంతు నింపి అప్పుడు వేగం చూడాలి, డబ్బాలో చార్జర్‌తోనే చార్జ్ చేయాలి. కాంబో ఎంత, బ్యాటరీ ఎంత, సర్వీస్ సెంటర్ జిల్లాలో ఎక్కడ ఉంది, చివరి సెక్యూరిటీ అప్‌డేట్ ఏ నెల ఏ సంవత్సరం దాకా వస్తుంది, ఈ నాలుగూ ఒక చిన్న బాక్సులో వేస్తే చాలు, జనం కట్ చేసి దాచుకుంటారు. ఫోను కంపెనీవాళ్లు ఇస్తే ఇచ్చారు అని రాయండి, ప్రెస్ నోట్ అయితే ప్రెస్ నోట్ అని రాయండి. అదే పేజీలో ఆ ఫోను యాడ్ ఉన్నప్పుడు చదివేవాడికి అనుమానం రావడం సహజం కదా. ఏడాది తర్వాత అదే ఫోను మీద మళ్లీ నాలుగు లైన్లు రాస్తే ఇంకా మంచిది, ఇప్పటిదాకా ఏ పేపరూ ఆ పని చేయడం నేను చూడలేదు.

దసరా ఆఫర్ల సీజన్‌కి మీరు ఎటూ స్పెషల్ పేజీ వేస్తారు, మొదలుపెట్టడానికి అదే సరైన టైం. ఏ మోడల్ కాంబో ఇక్కడ ఎంతకి దొరుకుతుంది, దేనికి పార్టులు దొరకట్లేదు అనే వివరాలు కావాలంటే నేనూ, ఈ వీధిలో మిగతా రిపేర్ షాపులవాళ్లూ ఇవ్వడానికి సిద్ధంగా ఉన్నాం.

ఇట్లు
మీ పాఠకుడు,
మొబైల్ రిపేర్ షాపు, సత్తెనపల్లి, పల్నాడు జిల్లా