ఎవరి వంట వాళ్లది, బల్ల అందరిదీ: సింగపూర్ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన సింగపూర్ సుస్థిరత, పర్యావరణ శాఖ మంత్రి గారికి,

నమస్కారం.

మీ దేశానికి నాలుగు అధికార భాషలు ఉన్నాయి. వాటిలో తెలుగు లేదు. అయినా తెలుగులోనే రాస్తున్నాను, ఇంగ్లీషు ప్రతిని మీ కార్యాలయానికి వేరుగా పంపుతున్నాను. నేను చెప్పబోయేది తిండి గురించి. "అన్నం తిన్నావా?" అనే మాట నేను మొదట విన్నది ఈ భాషలోనే. మీ ఊళ్లో చైనీయులూ మలయులూ కూడా ఎదురుపడితే ముందు "తిన్నావా" అనే అడుగుతారు. ఇక్కడికి వచ్చిన కొత్తలో నా బెంగ సగం తీర్చింది ఆ పలకరింపే.

ఒకే కప్పు కింద ఎన్నో చిన్న వంట స్టాళ్లు, అందరికీ ఉమ్మడి బల్లలు ఉండే హాకర్ సెంటర్లు మీ శాఖ కింద, జాతీయ పర్యావరణ సంస్థ చేతుల్లో ఉన్నాయి కాబట్టి ఈ ఉత్తరం మీకు.

మా నాన్నగారు శుద్ధ శాకాహారి. జీవితమంతా బయట తిండికి దూరంగానే ఉన్నారు. రైలు ప్రయాణమైతే ఇంటి నుంచి పులిహోర కట్టుకోవాల్సిందే. ఆయన ఇక్కడికి వచ్చినప్పుడు ఒక ఆదివారం లిటిల్ ఇండియాలోని టెక్కా సెంటర్ అనే హాకర్ సెంటర్‌కి తీసుకెళ్లాను. ఎంత వెతికినా ఖాళీ బల్ల దొరకలేదు. ఒక చైనీయ పెద్దాయన పక్కకు జరిగి చోటిచ్చాడు. ఆయన పళ్లెంలో బాతు మాంసం, అన్నం. అటు చివర ఒక మలయ్ కుటుంబం, వాళ్ల ముందు హలాల్ స్టాలు నుంచి తెచ్చుకున్న బిర్యానీ. మేము మా దోసలు తెచ్చుకుని మధ్యలో కూర్చున్నాం. దోసని ఇక్కడ తోసై అంటారు.

నాన్నగారు ఏమంటారో అని నాకు ఒకటే టెన్షన్. ఆయన చుట్టూ చూశారు. చట్నీలో దోస ముంచుకున్నారు. కాసేపయ్యాక, "ఎవరి వంట వాళ్లదేగా. కూర్చోడానికేముంది?" అన్నారు. వెళ్లేటప్పుడు ఆ పెద్దాయనకి చేతులు జోడించారు. ఆయన కూడా నవ్వుతూ చేతులు కలిపాడు.

మీ నగరం తిండికి ఎందుకింత పేరొచ్చిందని ఎవరు అడిగినా నాకు ఆ బల్లే గుర్తొస్తుంది. నాలుగు దేశాల వంటలు ఏ పెద్ద నగరంలోనైనా దొరుకుతాయి. డబ్బుంటే ఒక వీధిలో జపాన్ భోజనం, పక్క వీధిలో ఇటలీ భోజనం తినొచ్చు. కానీ అక్కడ ఒక్కో హోటలుకి ఒక్కో తలుపు. శాకాహారి, పంది ముట్టని ముస్లిం, ఆవు మాంసం తినని హిందువు, ఏదైనా తినే చైనీయ మిత్రుడు కలిసి బయల్దేరితే, ఎక్కడికెళ్లాలో తేల్చుకునేసరికి ఆకలి చచ్చిపోతుంది. చివరికి ఎవరో ఒకరు సర్దుకుపోవాలి. హాకర్ సెంటర్లో ఎవరూ సర్దుకోనక్కర్లేదు. పొయ్యిలు వేరు, గిన్నెలు వేరు, తిన్న ట్రేలు తిరిగి పెట్టే అరలు కూడా హలాల్‌వి విడిగా ఉంటాయి. బల్ల మాత్రం అందరిదీ. నియమం వదులుకోకుండా పక్కపక్కన కూర్చుని తినొచ్చు. ఇంత తేలికగా ఈ పని జరిగే చోటు ఇంకొకటి నేను చూడలేదు.

ఇది తనంతట తాను మొలిచింది కాదని మీకు నేను చెప్పనక్కర్లేదు. ఒకప్పుడు ఇక్కడ వంటంతా వీధి పక్కనే. ఒకే బకెట్టు నీళ్లలో పళ్లేలు కడగడం, ఎంగిలి కాలువలో పారబోయడం, రోగాల భయం. 1968-69లో ప్రభుత్వం హాకర్ల పేర్లు నమోదు చేసి లైసెన్సులు ఇచ్చింది. 1971 నుంచి 1986 దాకా వాళ్లను కుళాయి నీళ్లు, కరెంటు, మురుగు కాలువలు ఉన్న సెంటర్లలోకి తరలించారు. చాలా నగరాలు వీధి వంటవాళ్లను తరిమేశాయి, లేదా పట్టించుకోకుండా వదిలేశాయి. మీరు వాళ్లకు కప్పు వేసి, తక్కువ అద్దెకు చోటిచ్చారు. ఇవాళ అలాంటి సెంటర్లు 110కి పైగా ఉన్నాయి. 2020 డిసెంబరులో యునెస్కో వీటి సంస్కృతిని మానవాళి వారసత్వ జాబితాలో చేర్చింది. ఆ జాబితాలో రాసుకున్న పేరులోనే సమష్టి భోజనం, బహుళ సంస్కృతుల నగరం అనే మాటలున్నాయి.

ఒకే కప్పు కింద పొయ్యిలు వెలిగితే వంటలు ఒకదాన్నొకటి చూసుకుంటాయి. కాఫీ సంగతే చూడండి. "కోపి ఓ కొసొంగ్" అని అడిగితే పాలూ చక్కెరా లేని కాఫీ ఇస్తారు. అందులో కోపి మలయ్ మాట, ఓ అంటే హొక్కియెన్ అనే చైనీస్ మాండలికంలో నలుపు, కొసొంగ్ మళ్లీ మలయ్, ఖాళీ అని అర్థం. మూడు మాటల్లో రెండు జాతులు. ఆ మాట అనే తమిళాయనకీ, అందుకునే చైనీయ ఆంటీకీ అందులో వింతేమీ కనిపించదు.

"మీ గోరెంగ్" అనే వేయించిన నూడుల్స్ వంట ఇంకా ముచ్చటైనది. నూడుల్స్ చైనావి, పేరులో సగం మలయ్, ఎర్రగా కారంగా వేయించేది దక్షిణ భారత ముస్లింలు. భారతదేశమంతా వెతికినా ఆ వంట పుట్టిన ఊరు దొరకదు. దాని ఊరు ఈ సముద్ర తీరమే. చేప తలకాయ కూర కూడా అంతే. 1949 ప్రాంతంలో కేరళ నుంచి వచ్చిన గోమెజ్ అనే ఆయన, చేప తల ఇష్టపడే చైనీయుల కోసం దాన్ని మన మసాలా పులుసులో వండాడు. నేను తినను గాని, ఆ కథ ఎప్పుడు విన్నా నాకు సంతోషంగా ఉంటుంది. పక్కవాడికి ఏది ఇష్టమో గమనించి వండిన వంట అది.

మంచి వంటకి మిషెలిన్ గైడ్ ఇచ్చే నక్షత్రాల గురించి అందరూ రాస్తారు కాబట్టి నేను ఎక్కువ రాయను. 2016లో చైనాటౌన్ కాంప్లెక్స్‌లో చికెన్, అన్నం అమ్ముకునే చాన్ హోన్ మెంగ్ గారి స్టాలుకి నక్షత్రం వచ్చింది. ఆయన మలేసియాలో పుట్టారు, వంట నేర్చుకున్నది హాంకాంగ్ వంటవాడి దగ్గర. ఆయన పొయ్యి వెలిగింది మాత్రం మీ స్టాలులో. నాకు నక్షత్రం కన్నా ఆ దారే పెద్ద విషయం.

ఇక నా బాధ చెబుతాను.

మా ఇంటి దగ్గరి సెంటర్లో ఒక చైనీయ అంకుల్ శాకాహార స్టాలు నడిపేవాడు. సన్నటి బియ్యపు సేమ్యా వేయించి, పైన క్యాబేజీ, పుట్టగొడుగులు, వేయించిన టోఫు వేసి ఇచ్చేవాడు. బౌద్ధుల పద్ధతి కాబట్టి అందులో వెల్లుల్లి, ఉల్లి ఉండవు. మా అత్తగారు కార్తీక మాసంలో కూడా నిశ్చింతగా తిన్నారు. ఆయన తెల్లవారుజామున మూడింటికి లేచేవాడు. మధ్యాహ్నానికి చేతులు వణికేవి. ఒకసారి "మీ పిల్లలు రారా అంకుల్?" అని అడిగాను. "నేను చదివించింది ఈ పొయ్యి దగ్గరికి రాకుండా ఉండడానికే కదా" అన్నాడు. పోయిన ఏడాది షట్టరు మీద చేతిరాతతో ఒక కాగితం అంటించి ఉంది. ఇన్నేళ్లు తిన్నందుకు ధన్యవాదాలు అని మాత్రమే రాశాడు. ఆ వంట ఎవరూ నేర్చుకోలేదు.

మీ హాకర్ల సగటు వయసు 60 చుట్టూ ఉంది. అంటే ఇలాంటి కాగితాలు ఇంకా చాలా షట్టర్ల మీదకు రాబోతున్నాయి. మీ శాఖ ఊరికే కూర్చోలేదని నాకు తెలుసు. 1986 తర్వాత ఆగిపోయిన కొత్త సెంటర్ల నిర్మాణాన్ని 2011లో మళ్లీ మొదలుపెట్టారు. పాత హాకర్ల దగ్గర కొత్తవాళ్లు పని నేర్చుకునే పథకం, తగ్గించిన అద్దెకు కొన్నాళ్లు స్టాలు నడిపి చూసుకునే పథకం తెచ్చారు. 2025 జనవరి నుంచి కొన్ని రకాల అనుమతుల మీద ఉన్న విదేశీయులను కూడా సహాయకులుగా పెట్టుకోనిస్తున్నారు. ఒంటరిగా మూకుడు తిప్పే ముసలి చేతులకు అది నిజమైన సాయం.

కానీ స్టాలు ఎవరికి దక్కాలన్న చోట లెక్క ఇంకా డబ్బుదే. వీధి నుంచి వచ్చిన తొలితరానికి రాయితీ అద్దె ఉంది. కొత్తవాళ్లు టెండరులో పాడుకోవాలి. ఎవరు ఎక్కువ పాడితే వాళ్లదే. 2012లో మీరు కనీస పాట ధర తీసేశాక ఒక్క డాలరుకే స్టాలు దొరికినవాళ్లూ ఉన్నారు, కాదనను. అలాంటివి సాధారణంగా జనం తిరగని మూలల్లో దొరుకుతాయి. జనం తిరిగే చోట ఏం జరుగుతుందో 2024లో మరీన్ పరేడ్ సెంటర్లో చూశాం. ఒక్క స్టాలుకి నెలకు 10,158 సింగపూర్ డాలర్ల పాట పాడారు. అంత అద్దె కట్టేవాడు కొత్త వంట పెట్టే ధైర్యం చేయడు. అప్పటికే అమ్ముడయ్యేదే మళ్లీ పెడతాడు. రోజుకు ముప్పై పళ్లేలు మాత్రమే పోయే వంటకి, ఎంత మంచిదైనా, అక్కడ చోటుండదు.

నా మొదటి విన్నపం ఇదే. ప్రతి సెంటర్లో రెండో మూడో స్టాళ్లు పాటకి పెట్టకండి. స్థిరమైన అద్దె పెట్టండి. వండించి, రుచి చూసి, ఆ సెంటర్లో లేని వంట తెచ్చేవాళ్లకు ఇవ్వండి. పాత హాకరు దగ్గర పని నేర్చుకున్నవాళ్లకు ముందు వరుస ఇవ్వండి.

రెండోది ధరల గురించి. తిండి చవకగా ఉండాలని మీరూ కోరతారు, నేనూ కోరతాను. కానీ ఆ చవక భారం హాకరు వీపు మీద పడకూడదు. ఒక పళ్లెం ధర కట్టడి చేసి, అద్దె, గ్యాస్, పళ్లేలు కడిగే ఖర్చు పెరగనిస్తే ఆయన జీతంలోంచే ఆ తేడా పోతుంది. మీ ప్రభుత్వం ఖర్చుల సాయంగా ఇళ్లకు ఇచ్చే సీడీసీ కొనుగోలు వోచర్లలో సగం హాకర్లు, చిన్న దుకాణాల దగ్గరే ఖర్చు చేయాలన్న పద్ధతి నాకు చాలా నచ్చింది. సాయం తినేవాళ్ల చేతికి ఇస్తే అది హాకరుకి పూర్తి ధరగా చేరుతుంది. లేనివాళ్లకు ఆ వోచర్లు ఇంకా పెంచండి, ధర ఎంతో వండేవాళ్లనే చెప్పుకోనివ్వండి.

మూడోది కొత్తగా వచ్చినవాళ్ల వంటల గురించి. హైనాన్ చికెన్ రైస్, రోటీ ప్రాటా, లక్సా, ఇవన్నీ వలస వచ్చినవాళ్ల చేతి వంటలే. మరి ఈ నలభై ఏళ్లలో వచ్చినవాళ్ల వంటలు ఎక్కడున్నాయి? బర్మా భోజనానికి పెనిన్సులా ప్లాజాకి, ఫిలిప్పీన్స్ భోజనానికి లక్కీ ప్లాజాకి వెళ్లాలి. ఆంధ్ర భోజనానికి రేస్ కోర్స్ రోడ్డు వైపు వెళ్తాం. అవి బాగున్నాయి, కానీ అక్కడ ఎక్కువగా ఎవరివాళ్లే కనిపిస్తారు. థాయ్ వాళ్లకు గోల్డెన్ మైల్ కాంప్లెక్స్ ఉండేది. ఆ భవనం అమ్ముడై 2023లో మూతపడితే అక్కడి పొయ్యిలన్నీ చెల్లాచెదురయ్యాయి. ప్రైవేటు భవనంలో ఉన్న వంటకి ఆ భవనం ఉన్నన్నాళ్లే ఆయుష్షు. ఆ వంటల్లో కొన్నింటినైనా మీ కప్పు కిందికి పిలవండి. చైనీయ పెద్దాయన పక్క కుర్చీలో కూర్చుని గోంగూర పప్పు రుచి చూసే రోజు నాకు చూడాలని ఉంది. ఇంకో యాభై ఏళ్లకు ఆ గోంగూర ఏ కొత్త వంటగా మారుతుందో, దానికి ఏ రెండు భాషల పేరు పెడతారో ఇప్పుడే చెప్పలేం.

నాన్నగారు ఇప్పుడు ప్రయాణం చేయలేరు. ఫోన్ చేసినప్పుడల్లా "ఆ బల్ల దగ్గరికి వెళ్తున్నావా?" అని అడుగుతారు. వెళ్తున్నానని చెబుతాను. మా ఇంటి దగ్గరి సేమ్యా అంకుల్ సంగతి ఆయనకు ఇంకా చెప్పలేదు. ఆ స్టాలు షట్టరు ఈ ఉత్తరం రాసే నాటికి దించే ఉంది. దాన్ని వచ్చే టెండరులో పాటకి పెట్టేముందు మీరు ఒకసారి ఈ ఉత్తరం చదవాలని కోరుతున్నాను.

భవదీయుడు,
మీ నగరంలో ఉంటున్న ఒక తెలుగువాడు