మంత్రిగారూ, నవ్వించినట్టు రుజువు ఎక్కడి నుంచి తెమ్మంటారు?

గౌరవనీయులైన మంత్రిగారికి,

మా మిమిక్రీ సార్ అభిమానులం కలిసి, ఆయనకు రాని కళాకారుల పింఛను గురించి రాస్తున్న లేఖ ఇది. మీకు రాయడం మాకు కొత్తేమీ కాదు. జిల్లా ఆఫీసులో ఇచ్చాం, సోమవారం గ్రీవెన్స్‌లో ఇచ్చాం, మీరు మా వైపు వచ్చినప్పుడు కారు అద్దంలోంచి మీ చేతికే ఇచ్చాం. మీరు తీసుకుని పక్కన కూర్చున్నాయనకు ఇచ్చారు, ఆయన వెనక సీట్లో ఉన్నాయనకు ఇచ్చాడు. అక్కడి నుంచి ఆ కాగితం ఎటు పోయిందో ఆ దేవుడికే తెలియాలి. నలుగురూ చదివేలా రాస్తే మీరూ చదువుతారేమోనని చివరి ఆశ.

సంతాప సభలో మీరు చాలా బాగా మాట్లాడారు. అది మాత్రం ఒప్పుకోవాలి. "ఆయన మరణం కళారంగానికి తీరని లోటు" అన్నారు. "ఆ కుటుంబం బాధ్యత నాది" అన్నారు. సంతాప సభలో చప్పట్లు కొట్టకూడదని మాకూ తెలుసు, అయినా కొట్టాం. సార్ బతికుండగా మీ నోటి నుంచి వినాలనుకున్న మాట అది. సరే, తీరని లోటు సంగతి అలా ఉంచండి. నెలకు 3,016 రూపాయల లోటు ఒకటి ఉంది. అది మీ సంతకంతో తీరేదే కదా?

సార్ గురించి మీకు కొత్తగా చెప్పేదేం లేదు. కానీ మీ ఫైల్లో లేనిది ఒకటి చెప్పాలి. కరెంటు కోతల రోజుల నాటి ఐటమ్ ఒకటి ఆయన చివరిదాకా చేసేవారు. అర్ధరాత్రి దాటాక త్రీఫేజ్ కరెంటు వస్తుంది. రైతు బ్యాటరీ లైటు పట్టుకుని బావి దగ్గరికి పోతాడు. కీచురాళ్ళు, కప్పలు, ఎక్కడో దూరంగా కుక్క. స్టార్టర్ నొక్కుతాడు. మోటారు మూలుగుతుంది, పట్టుకోబోయి వదిలేస్తుంది. మళ్ళీ నొక్కుతాడు. ఈసారి పట్టుకుంటుంది. పైపులోంచి ముందు గాలి బుసకొడుతుంది, నీళ్ళు మడిలో పడీ పడకముందే టప్‌మని కరెంటు పోతుంది. అప్పుడు ఆ రైతు చిన్నగా దగ్గుతాడు. అంతే, ఐటమ్ అయిపోయింది. ఒక్క మాట లేదు, ఒక్క తిట్టు లేదు. పందిట్లో కింద కూర్చున్న రైతులు కడుపు పట్టుకుని నవ్వేవాళ్ళు. ఆ దగ్గులో ఎంత కోపం ఉందో వాళ్ళకు తెలుసు. మైకు పెదాలకు ఆనించి, ఎడమ చేతి గుప్పిట అడ్డం పెట్టి, ఒక్క మనిషి ఒక్క నోటితో చేసిన పని ఇది.

దీన్ని కళ అనరట.

దరఖాస్తులో "కళారూపం" అని ఒక గడి ఉంటుంది. ఒగ్గుకథ, చిందు యక్షగానం, హరికథ, బుర్రకథ, డప్పు, ఇలా ఏదో ఒకటి రాయాలి. మిమిక్రీ అని రాస్తే ఆ గుమాస్తా పెన్ను పక్కన పెట్టి, "ఇది లిస్టులో లేదు, వీటిలో ఏది రాయాలె?" అని అడిగాడు. "అన్నీ రాసుకో బిడ్డా, నోటితోనే చేస్త" అన్నారు సార్. ఆఫీసంతా నవ్వింది. ఆ తర్వాత గుమాస్తా "ఇతరములు" అని రాసి పంపాడు. ఆ ఒక్క మాటతోనే సార్ ఫైలు పక్కకు పోయిందని మా అనుమానం. ఇతరములను ఎవరు చూస్తారు చెప్పండి?

మంత్రిగారూ, మీకు తెలియదని కాదు, గుర్తు చేస్తున్నామంతే. వరంగల్ బిడ్డ నేరెళ్ళ వేణుమాధవ్ గారికి 2001లో పద్మశ్రీ ఇచ్చింది ఏ కళకు? ఐక్యరాజ్యసమితిలో ఆయన ప్రదర్శన ఇచ్చింది ఏ కళారూపంతో? 1972లో ఆయన్ని శాసనమండలికి పంపినప్పుడు ఈ గడిలో ఏం రాశారు? తెలుగు విశ్వవిద్యాలయంలో మిమిక్రీకి కోర్సు పెట్టి, పాఠాలు చెప్పించి, సర్టిఫికెట్లు ఇచ్చింది మన వ్యవస్థే కదా. చదువుకునేటప్పుడు కళ, పింఛను అడిగితే ఇతరములా? వేణుమాధవ్ గారు 2018 జూన్‌లో పోయారు. ఆయన పుట్టిన డిసెంబర్ 28న ఇప్పటికీ ఊరూరా మిమిక్రీ కళాకారులు చందాలు వేసుకుని సభలు పెట్టుకుంటారు. ఆ సభలకు పెద్దలు వస్తారు, "మిమిక్రీ మన మట్టి గర్వం" అంటారు, శాలువాలు కప్పించుకుని వెళ్ళిపోతారు.

ఇక రుజువుల సంగతి. అసలు బాధ ఇక్కడుంది.

ప్రదర్శనలు ఇచ్చినట్టు ఆధారాలు పెట్టమన్నారు. కరపత్రాలు పెట్టాం. వినాయక చవితి పందిళ్ళ కరపత్రాలు మీరూ చూసే ఉంటారు. ఆర్కెస్ట్రా పేరు పెద్ద అక్షరాల్లో ఉంటుంది, గాయకుల పేర్లుంటాయి, చందా ఇచ్చిన షావుకార్ల ఫోటోలుంటాయి, అన్నిటికన్నా కింద "మరియు మిమిక్రీ, మ్యాజిక్" అని ఉంటుంది. ఆ "మరియు మిమిక్రీ"యే మా సార్. పేరు లేదు కాబట్టి చెల్లదన్నారు. పేపర్ కటింగులు పెట్టాం. జిల్లా ఎడిషన్‌లో వచ్చింది చాలదన్నారు. స్కూళ్ళ వార్షికోత్సవాల ఫోటోలు పెట్టాం. ఫోటోలో ఆయన నోరు తెరిచి ఉన్నాడు కానీ ప్రదర్శన ఇస్తున్నట్టు ఎలా తెలుస్తుంది అన్నారు. నిజమే, మిమిక్రీ ఫోటోలో వినపడదు. అయితే వీడియోలు చూడండి సార్, ఫోన్లో ఉన్నాయి అంటే, మాకు హార్డ్ కాపీ కావాలన్నారు.

చివరికి మీ ఫోటో పెట్టాం. గుర్తుందా? జిల్లా కేంద్రంలో మీటింగ్. మీరు ఆలస్యంగా వచ్చారు, జనం లేచిపోతుంటే సార్‌ని స్టేజీ ఎక్కించారు. ఆయన ఎవరెవరి గొంతులో చేసి చివర్న, మీరు స్టేజీ ఎక్కుతుండగా, మీ గొంతుతోనే మీకు స్వాగతం చెప్పారు. మీరు మాట మధ్యలో "ఏందంటే" అని ఆగి కళ్ళజోడు సర్దుకుంటారు చూడండి, అదీ చేశారు. మీరు పగలబడి నవ్వి, మీ మెడలోని శాలువానే తీసి ఆయనకు కప్పారు. ఆ ఫోటో ఒరిజినల్ జత చేశాం. తారీఖు ముద్రించి లేదు కాబట్టి ఆధారంగా తీసుకోలేం అని రాసి పంపారు. మంత్రిగారు స్వయంగా నవ్వినా సాక్ష్యం కాదంటే, మేం ఇంకెవర్ని నవ్వించి తేవాలి?

ఈలోగా సార్‌కి పక్షవాతం వచ్చింది. కుడి పక్క పడిపోయింది, మూతి వంకరపోయింది, మాట పోయింది. గొంతు మీదే బతికిన మనిషికి గొంతే పోవడం ఏంటో మేం వర్ణించలేం. అప్పటికే పందిళ్ళన్నీ డీజేలవైపోయాయి. 2020లో కరోనా వచ్చి ఉన్న నాలుగు ప్రోగ్రాములూ ఆగిపోయినప్పుడు సౌండ్ బాక్సులు అమ్మేశారు. 2021లో పింఛను 1,500 నుంచి 3,016 చేశారని పేపర్లో చదివి, ఇంకా మంజూరే కాని పింఛను పెరిగినందుకు ఇంట్లో అందరికీ స్వీట్లు పంచారు. అదీ ఆయన తరహా.

మాట పోయిన తర్వాత మీ శాఖ నుంచి కబురొచ్చింది: కమిటీ ముందు హాజరై ప్రదర్శన ఇవ్వాలి. పరిస్థితి ఇదీ అని డాక్టర్ కాగితం చూపించాం. "రూల్ అంటే రూలే, ఒకసారి తీసుకురండి" అన్నారు. కొడుకు, మాలో ఇద్దరం కలిసి ఆటోలో కూర్చోబెట్టి తీసుకెళ్ళాం. మెట్ల మీద మోసుకెళ్ళాం, ఆ ఆఫీసుకి ర్యాంపు లేదు. కమిటీలో ఒకాయన ఫోన్ చూసుకుంటూ "కానివ్వండి" అన్నారు. సార్ ఎడమ చేతి గుప్పిట నోటికి అడ్డం పెట్టారు. ఒక మూలుగు వచ్చింది. ఆగింది. మళ్ళీ మూలుగు వచ్చింది, ఆగిపోయింది. ఫోన్ చూసుకుంటున్నాయన కంగారుపడి "నీళ్ళు ఇవ్వండి, నీళ్ళు" అన్నాడు. మాకు మాత్రం తెలుసు. స్టార్టర్ పట్టుకోని బోరు మోటారు అది. చివర్న చిన్న దగ్గు కూడా దగ్గారు. మేం నవ్వు ఆపుకోలేక, ఏడుపూ ఆపుకోలేక గోడ వైపు తిరిగి నిలబడ్డాం. కమిటీ మాత్రం "పరిశీలిస్తాం" అంది.

పరిశీలిస్తూనే ఉన్నారు. ఆయన పోయారు.

ఆ రోజు ఊరంతా స్టేటస్‌లే. ఆటోవాళ్ళు, టీచర్లు, బ్యాంకులో పనిచేసే ఆడపిల్లలు, దుబాయ్ వెళ్ళిన కుర్రాళ్ళు, ఎవరి ఫోన్లో చూసినా ఆయన గొంతే. శవం దగ్గర కూర్చున్న ఒక పిల్లాడి ఫోన్లో ఉన్నట్టుండి ఆ క్లిప్పు మోగింది. వాడు భయపడి ఆపబోతే, "ఉండనీ బిడ్డా, ఆయనకు గదే ఇష్టం" అంది అమ్మ, సార్ భార్య. అంతమంది ఏడుస్తూనే నవ్వాం. 2022 సెప్టెంబర్‌లో హిందీ హాస్య కళాకారుడు రాజు శ్రీవాస్తవ నలభై రోజులకు పైగా ఢిల్లీ ఎయిమ్స్‌లో ఉండి పోయినప్పుడు దేశమంతా సంతాపాలు చెప్పింది, మంచిదే. మిమిక్రీతో మొదలై సినిమాల్లోకి వెళ్ళిన కోదాడ వేణుమాధవ్ 2019లో పోయినప్పుడూ అంతే, మేమంతా ఏడ్చాం. టీవీలో కనపడని వాళ్ళకు మాత్రం ఊరివాళ్ళ స్టేటస్‌లే దిక్కు. అవి ఇరవై నాలుగు గంటలు దాటితే ఉండవు.

దశదిన కర్మ అయ్యాక మీ ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది. సంబరపడ్డాం. "ఆధార్‌లో ఇంటిపేరు, బ్యాంకులో ఇంటిపేరు కలవట్లేదు, ఆయన్ని ఒకసారి రమ్మనండి" అన్నారు. ఆయన లేరని చెప్తే, "అయితే దరఖాస్తు క్లోజ్ చేస్తాం" అన్నారు. మరి ఆయన భార్యకైనా ఇవ్వండి, మంత్రిగారు సభలో మాటిచ్చారు అంటే, అసలు మంజూరే కాని పింఛను భార్యకు ఎలా మారుస్తామని ఎదురు ప్రశ్న వేశారు. ఎందుకు మంజూరు కాలేదని మేం అడిగితే, ఆధారాలు లేవన్నారు. ఇక ఎక్కడ పట్టుకోవాలి మేము? మీ పీఏ గారికి ఫోన్ చేస్తే ప్రతిసారీ ఒకటే మాట, "ఫైలు నడుస్తోంది". మా సార్ ఉండుంటే ఆ ఫైలు నడిచే చప్పుడు కూడా చేసి చూపించేవారు.

విగ్రహం పెట్టిస్తామన్నారు మీరు, చౌరస్తాలో. వద్దు మంత్రిగారూ. దండం పెట్టి చెప్తున్నాం. విగ్రహానికయ్యే డబ్బులో పదో వంతు ఆ ఇంటికి చేరినా చాలు. ఆమెకు షుగర్ ఉంది, మందులకు కొడుకు చెయ్యి చూడాలి, ఆ కొడుక్కీ నెలంతా పని దొరకదు. సంతాప సభలో మీరు అన్న మాట వీడియో మా దగ్గర ఉంది. హార్డ్ కాపీ కావాలంటే అదీ తీయిస్తాం.

మేం అడిగేది పెద్దదేం కాదు. ఆమెకు ఏదో ఒక రూపంలో సాయం చేయండి. ఆ గడిలో మిమిక్రీ, హాస్యం అని రెండు మాటలు చేర్పించండి, సార్ వెనక ఇంకా చాలామంది ముసలి కళాకారులు "మరియు మిమిక్రీ"లుగానే ఉన్నారు. మాట పడిపోయిన మనిషిని ప్రదర్శన ఇమ్మనకుండా చూడండి. ఇలాంటి వాళ్ళ గొంతులు పోకముందే రికార్డు చేయించి ఎక్కడైనా దాచండి. ఇవన్నీ కుదరవంటే మళ్ళీ మొదటిదే అడుగుతున్నాం, ఆమెకు సాయం చేయండి. మీరిచ్చిన మాటే అది.

ఇక ఇది మాత్రం వెంటనే చేయగలిగిన పని. దరఖాస్తుతో పాటు ఇచ్చిన ఆ ఫోటో, మీరు నవ్వుతూ శాలువా కప్పుతున్నది, ఇంట్లో ఉన్న ఒకే ఒక్క కాపీ. ఆమె అడుగుతోంది. ఫైలు క్లోజ్ చేశారు కాబట్టి ఇక దానితో మీ శాఖకు పనిలేదు. దయచేసి మడత పడకుండా వెనక్కి పంపించండి.

ఇట్లు,
మా మిమిక్రీ సార్ అభిమానులు